మామా, తలుపు తప్పేం లేదు!

ఒరేయ్ మామా,

ఉత్తరం ఆలస్యమైందని తర్వాత తీరిగ్గా తిట్టుకో, ముందు ఇది విను. మీ ఫానక్ రోబో సెల్‌లో, అదే రోబో, మెషిన్ కలిసి పనిచేసే చోట, మెషిన్ తలుపు తెరుచుకోలేదంటూ అలారం ఎందుకొస్తోందో దొరికింది! నువ్వు పంపిన ప్రోగ్రాం ప్రింట్లు లైను లైనూ చదివాను. ఇక్కడ అందరం కులాసా, అమ్మ మోకాలు నయం, పాపకి బడి తెరిచారు. అంతే, ఇక అసలు సంగతి.

తలుపు సెన్సర్‌ది ఏ పాపమూ లేదు. మీవాళ్లు మార్చేసిన పాతది ఎక్కడైనా పడుంటే తీసి దాచు, అది మంచిదే. తిరకాసంతా గ్రిప్పర్‌ని, అదే పార్టు పట్టుకునే రోబో దవడల్ని, మూసే మాక్రో అనే చిన్న ప్రోగ్రాంలో ఉంది. పదో లైను చూడు. ఆర్‌ఓ 1 ఆఫ్ చేసి, ఆర్‌ఓ 2 ఆన్ చేశాక (రెండూ దవడల వాల్వ్‌కి రోబో ఇచ్చే సిగ్నళ్లే), ఎంతసేపు కాచుకోవాలో చెప్పే వెయిట్ టైమౌట్ సిస్టం వేరియబుల్‌కి 200 ఇచ్చారు. ఆ కింద ఆర్‌ఐ 2, అంటే దవడలు పట్టుకున్నాయని చెప్పే స్విచ్ సిగ్నల్, ఆన్ అయ్యేదాకా వెయిట్, రాకపోతే లేబుల్ 1కి జంప్. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ ఫానక్‌లో ఆ విలువ ఆ మాక్రో సొంతం కాదురా, కంట్రోలర్ మొత్తానికీ ఒక్కటే! లెక్క సెకనులో నూరో వంతుల్లో. మామూలుగా 3000 ఉంటుంది, అంటే 30 సెకన్లు. మాక్రో దాన్ని 200కి, అంటే 2 సెకన్లకి దించేసి అలాగే వదిలి బయటికొస్తోంది. ఆ తర్వాత లోడింగ్ ప్రోగ్రాంలో తలుపు కోసం ఆగే వెయిట్‌కి కూడా ఆ 2 సెకన్లే దక్కుతున్నాయి.

మరి పాత పార్టు నడిచినన్నాళ్లూ ఎందుకు రాలేదంటావు. అప్పుడు మెషినింగ్ ముందే అయిపోయి, మెషినే తలుపు తెరుచుకుని రోబో కోసం కాచుకునేది. కొత్త పార్టు హౌసింగ్‌కి సైకిల్ టైం పెరిగిందని నువ్వే రాశావుగా, ఇప్పుడు రోబో ముందొచ్చి నిలబడుతోంది. 2 సెకన్లు దాటగానే అలారం. సెన్సర్ మార్చినా, కేబుల్ మార్చినా ఎలా పోతుంది చెప్పు?

జాగ్రత్త, ఆ లైను చెరిపేస్తే సరిపోదు. 200 అనేది సిస్టం వేరియబుల్‌లో కూర్చునే ఉంటుంది, పవర్ ఆపి వేసినా పోదు. బ్యాకప్ తీస్తే అందులోకీ ఎక్కుతుంది. మెనూ, సిస్టం, వేరియబుల్స్‌లోకి వెళ్లి చూడు, 200 కనిపించకపోతే హాస్టల్ మెట్ల మీద చేసిన పందెం నీదే.

మాక్రో మొదట్లో పాత విలువని ఒక రిజిస్టర్‌లో దాచి, చివర్లో తిరిగి పెట్టడం ఒక పద్ధతి. నాకది నచ్చదు. మధ్యలో ఎవడైనా అబార్ట్ కొడితే తిరిగి పెట్టే లైను దాకా ప్రోగ్రాం రానే రాదు, మళ్లీ 200 మిగిలిపోతుంది. అందుకని టైమౌట్ ఉన్న ప్రతి వెయిట్‌కీ సరిగ్గా పై లైనులో దాని విలువ అది పెట్టుకోవాలి. గ్రిప్పర్‌కి 200 ఉంచు. తలుపుకి మీ అన్నిటికన్నా పొడవైన సైకిల్ చూసుకుని, 12000 అనుకో, 2 నిమిషాలు.

ఇంకోటి, ఇది చూసి నాకు నిజంగా భయమేసింది. లేబుల్ 1 కింద యూజర్ అలారం ఉంది, ఆ వెంటనే ఎండ్. యూజర్ అలారం ప్రోగ్రాంని పాజ్ మాత్రమే చేస్తుంది. ఆపరేటర్ రీసెట్ కొట్టి స్టార్ట్ నొక్కితే తర్వాతి లైను నుంచి సాగుతుంది, అంటే మాక్రో ముగిసిపోయి, పార్టు పట్టుకోకుండానే రోబో మెషిన్‌లోకి బయల్దేరుతుంది! అలారం కింద జంప్ పెట్టి పైన వాల్వ్ ఆన్ చేసే చోటుకి వెనక్కి పంపు. పార్టు దొరికితేనే బయటపడాలి.

ఆర్‌ఐ 2 రీడ్ స్విచ్‌ని సిలిండర్ పూర్తి స్ట్రోక్ చివర బిగించారేమో కూడా చూడు. అలా ఉంటే పార్టు లేకుండా దవడలు ఖాళీగా మూసుకున్నా ఆన్ వస్తుంది. పార్టుని పట్టుకున్న వెడల్పు దగ్గర మాత్రమే వెలిగేలా జరిపి బిగించాలి. మాక్రో ఎంత బాగా రాసినా స్విచ్ చెప్పిందే కదా నమ్మేది.

గ్రిప్పర్‌ని పెండెంట్, అదే చేత్తో పట్టుకునే కంట్రోల్ పలక, కీ మీద పెడితే పనిచేయట్లేదన్నావు. ఆ మాక్రోకి మోషన్ గ్రూప్ 1, అంటే రోబో చేతిని కదిపే అధికారం, తగులుకుని ఉంది. యూకే కీకి, అదే ఒట్టిగా నొక్కితే నడిచే యూజర్ కీకి, మోషన్ గ్రూప్ ఉన్న ప్రోగ్రాం పనికిరాదు. నడుస్తున్నదీ పాజ్‌లో ఉన్నదీ ముందు అబార్ట్ చేసి, సెలెక్ట్‌లో డీటెయిల్ తెరిచి, గ్రూప్ మాస్క్‌లో అన్నీ చుక్కలు, అదే స్టార్ గుర్తులు, చేసెయ్. లోపల కదిలే లైను ఒక్కటున్నా మార్చనివ్వదు. తర్వాత సెటప్‌లో మాక్రో పేజీ. మూసేది యూకే మీద పెట్టినా ఫర్వాలేదు, తెరిచేది మాత్రం ఎస్‌యూ మీదే పెట్టు. షిఫ్ట్‌తో కలిపి నొక్కితేనే, అదీ పెండెంట్ ఆన్‌లో ఉంటేనే నడుస్తుంది. యూకేకి ఆ రెండూ అక్కర్లేదు, చెయ్యి తగిలితే చాలు, హౌసింగ్ ఎవడి కాలిమీదో...

పేలోడ్, అదే రోబో మోసే బరువు, సంగతి కూడా రాయాలి, పట్టుకున్నాక ఆ బరువు షెడ్యూల్ మార్చే లైను మీ పికప్ ప్రోగ్రాంలో అసలు కనబడలేదు, అది లేకపోతే కొలిజన్ అలారాలు ఊరికే... అయ్యో, షిఫ్ట్ బస్సు వచ్చేసింది. మాక్రో పిలిచే ముందున్న పాయింటు సీఎన్‌టీ 50లో ఉంది, అంటే అక్కడ ఆగకుండా సాగిపోతుంది, దాన్ని ఫైన్ చెయ్, కచ్చితంగా చేరి ఆగుతుంది. ఇప్పుడు రోబో చేరకముందే దవడలు మూస్తోంది. మిగతాది రేపు,

నీ
మామ