ఏవ్‌బరీ నడకలు: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం నడకలన్నీ ఇంగ్లండులో విల్ట్‌షైర్‌లోని ఏవ్‌బరీ ఊరి చుట్టూనే పెట్టాం. ఒక్క ఊరినే పట్టుకుని ఎందుకు తిరిగారని అడిగేవారికి జవాబు ఇదీ: అవే దారులు వేర్వేరు కాలాల్లో నడిస్తేనే ఏది ఎప్పుడు పనికొస్తుందో తెలుస్తుంది. తేలిన సంగతి ఏమిటంటే, ఏవ్‌బరీలో దూరం కన్నా నేలలోని నీటిని ముందు చూసుకోవాలి. ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు ఊరి సంగతి రెండు మాటల్లో. సగం ఊరు ఒక పెద్ద రాతి వలయం లోపలే ఉంది. వలయం చుట్టూ కందకం, దాని బయట మట్టికట్ట. బయటి వలయం అడ్డుకొలత సుమారు 330 మీటర్లు, మొదట్లో అందులో 100 దాకా నిలువురాళ్లు ఉండేవి. వయసు నాలుగున్నర వేల ఏళ్ల పైమాటే. 1986 నుంచి మరో పాత రాతి వలయం స్టోన్‌హెంజ్‌తో కలిపి ప్రపంచ వారసత్వ స్థలం. స్టోన్‌హెంజ్‌లోలా కాదు, రాళ్ల మధ్య తిరగడానికి ఇక్కడ టికెట్టు లేదు, రాయిని చేత్తో తాకవచ్చు. మధ్యయుగాల్లో చాలా రాళ్లను పాతిపెట్టారు. 17, 18 శతాబ్దాల్లో కొన్నింటిని మంటతో కాల్చి, చన్నీళ్లు పోసి, సుత్తితో పగలగొట్టి ఇళ్ల గోడలకు వాడుకున్నారు. 1930లలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కైలర్ పాతిన రాళ్లను తవ్వి నిలబెట్టి, పోయిన రాళ్ల చోట కాంక్రీటు దిమ్మెలు పెట్టించాడు. పిల్లలు వాటిని మైలురాళ్లనుకుంటారు, నడక మొదట్లోనే చెప్పేయండి. మట్టికట్టపై గడ్డి కోలుకోవడానికి అప్పుడప్పుడూ కంచె కట్టి కొంత భాగం మూసేస్తారు. అలాంటి చోట ఫొటో కోసం కూడా ఎక్కవద్దు.

పెద్ద చుట్టు (10–11 కిలోమీటర్లు)

ఈ స్థలాన్ని చూసుకునే నేషనల్ ట్రస్ట్ సంస్థ కారు పార్కింగు దగ్గర మొదలై, పెద్ద రోడ్డు దాటి, వాగు పక్కనే దక్షిణంగా సాగుతుంది. కుడిచేతి వైపు సిల్‌బరీ దిబ్బ కనబడుతుంది. ఎత్తు 30 మీటర్ల పైమాటే, మనుషులు సుద్దరాయి మోసి పోసింది. ఎక్కడం నిషేధం, అదీ ఊరికే పెట్టిన నిషేధం కాదు. 1776లో నడినెత్తి నుంచి తవ్విన బావి 2000లో కూలి పైన పెద్ద గుంత పడింది. 2007–08లో సుద్దతో పూడ్చి సరిచేశారు.

కిలోమీటరున్నర నడిచాక ఏ4 రోడ్డు వస్తుంది. కార్లు చాలా వేగంగా వస్తాయి. గుంపు మొత్తాన్ని ఒకేసారి దాటించాలని చూస్తే వెనకబడ్డవాళ్లు పరుగెత్తుతారు, అక్కడే ప్రమాదం. ఐదారుగురు చొప్పున, ముందొకరు వెనకొకరు పెద్దవాళ్లతో దాటించండి. అవతల గేటు, చిన్న వంతెన, తర్వాత పొలాల మధ్య ఎక్కుడు దారి. పైన వెస్ట్ కెన్నెట్ పొడవు సమాధి, దాదాపు 100 మీటర్ల మట్టిదిబ్బ. క్రీ.పూ. 3650 ప్రాంతంలో కట్టారు. ఒక చివర రాతి గదులు ఐదు, లోపల చీకటి, నేల మీద నీళ్లు నిలుస్తాయి. ఫోను లైటు కన్నా తలకు కట్టుకునే టార్చి మేలు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. దీపం, అగరవత్తి, కర్పూరం ఏదీ వెలిగించవద్దు. భక్తి అర్థమవుతుంది కానీ వేడికి రాయి పగులుతుంది, మసి పోదు.

అక్కడి నుంచి తూర్పుగా ఈస్ట్ కెన్నెట్ ఊరు, తర్వాత ఓవర్టన్ కొండ. 139 కిలోమీటర్ల రిడ్జ్‌వే దారి మొదలయ్యేది ఈ కొండ మీదే. ఓక్ గింజ గుర్తు చూసుకుంటూ ఉత్తరంగా దాదాపు మూడు కిలోమీటర్లు నడిచి, ఎడమకు తిరిగి గ్రీన్ స్ట్రీట్ అనే పాత బాటలో దిగితే మళ్లీ ఊళ్లోకి వస్తాం. గంటకు ఐదు కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు మరో పది నిమిషాలు అన్నది పాత లెక్క. పిల్లలతో గంటకు మూడే వేసుకోండి. భోజనం, సమాధి చూడడం కలిపితే ఐదు గంటలు. డిసెంబరులో నాలుగింటికే పొద్దు కుంకుతుంది కాబట్టి ఉదయం పదికల్లా కదలాలి.

నీళ్ల సంగతి

ఫిబ్రవరిలో వారం రోజులు ఎండ కాసినా వాగు పక్క దారి మోకాలి లోతు నీళ్లలో ఉండొచ్చు. ఇది చాలామందికి అర్థం కాదు, వాన పడలేదు కదా అంటారు. ఇక్కడి నేల సుద్ద, స్పంజిలా నీటిని పీల్చుకుంటుంది. శరత్కాలపు వానలు మెల్లగా లోపలికి దిగుతాయి. భూగర్భ నీటిమట్టం చలికాలం చివర, వసంతం మొదట్లో అన్నిటికన్నా పైకి వస్తుంది. అప్పుడే ఊటలు పుట్టి, వేసవిలో ఎండిపోయే వాగు పొంగుతుంది. చుట్టుపక్కల వింటర్‌బోర్న్ మాంక్టన్, వింటర్‌బోర్న్ బాసెట్ అనే ఊళ్లున్నాయి. వింటర్‌బోర్న్ అంటే చలికాలపు వాగు అనే అర్థం. ఊరి పేరే హెచ్చరిక అన్నమాట.

కాబట్టి వాతావరణ యాప్‌లో ఎండ బొమ్మ చూసి దారి ఎంచుకోకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాగు దారి వదిలేసి, గ్రీన్ స్ట్రీట్ మీదుగా రిడ్జ్‌వేకి పైదారిలో వెళ్లిరండి. పైన వరద ఉండదు కానీ బంకమట్టి ఉంటుంది. మోటారు వాహనాలను అనుమతించే నెలల్లో పడిన చక్రాల గాడుల్లో నీళ్లు నిలుస్తాయి, గాడి మధ్యలో కాకుండా అంచున నడవండి. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది, ముఖ్యంగా దిగేటప్పుడు. మామూలు రన్నింగు బూట్లతో వచ్చినవాళ్లు పడేది అక్కడే. అడుగున లోతు గాడులున్న, మడమ పైదాకా పట్టే బూట్లు వేసుకోండి, ఒక జత మేజోళ్లు అదనంగా ఉంచుకోండి. చెకుముకి రాళ్ల అంచులు కత్తిలా ఉంటాయి, పిల్లలు పడితే అరచేతులు తెగుతాయి. గాయానికి కట్టే పట్టీ మీ సంచీలోనే పెట్టుకోండి, గుంపు నాయకుడి దగ్గర ఉందిలే అనుకోవద్దు.

రిడ్జ్‌వే దాటి తూర్పుకు వెళ్తే ఫైఫీల్డ్ డౌన్ అనే పచ్చిక మెట్ట. గడ్డిలో పడి ఉన్న బూడిదరంగు సార్సెన్ అనే గట్టి ఇసుకరాళ్లు దూరానికి గొర్రెల మందలా ఉంటాయి, ఇంగ్లీషువాళ్లు వాటిని గొర్రెపోతులనే పిలుస్తారు. దగ్గర్లోని రాతి సమాధికి దెయ్యం గుహ అని పేరు. మన ఊళ్లలో ఇలాంటి పాత సమాధులను రాకాసి గుళ్లంటాం, ఆలోచన రెండు చోట్లా ఒకటే. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. వేసవి సెలవులకు ఇంటికి వెళ్లేవారు చూసి రావచ్చు.

విండ్‌మిల్ కొండ దారి పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ సరిపోతుంది. ఊరి నుంచి వాయవ్యంగా రెండున్నర కిలోమీటర్లు, మెల్లని ఎక్కుడు. పిల్లల తోపుడు బండి మాత్రం వద్దు. ఒకరొకరుగా తిప్పుకుంటూ వెళ్లే గేట్లలో ఇద్దరు పిల్లల జంట బండి పట్టదు. చంటిబిడ్డను వీపుకు కట్టుకోండి.

గుర్తులు, పశువులు, పురుగులు

పసుపు బాణం కాలిబాట, నీలం బాణం గుర్రాలూ సైకిళ్లూ కూడా పోయే బాట. ఓఎస్ (ఆర్డ్నెన్స్ సర్వే, బ్రిటన్ పటాల సంస్థ) ఎక్స్‌ప్లోరర్ 157 పటంలో ఇవి ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి, నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. కాలిబాట పొలం మధ్యగా పోతే రైతు దున్నవచ్చు, కానీ విత్తడానికి మొదటిసారి దున్నిన 14 రోజుల్లోపు మళ్లీ కనీసం మీటరు వెడల్పున బాట తీయాలి. తీయకపోతే పైరు అంచున చుట్టూ తిరిగి కొత్త దారి చేయకండి. బాట ఎక్కడ ఉండాలో అక్కడే ఒకరి వెనక ఒకరు నడిచి, పటంలో ఆ చోటు గుర్తుతో కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి.

గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, తెరిచి ఉంటే తెరిచే. దూడలున్న ఆవుల మధ్య నుంచి వెళ్లొద్దు, దూరంగా చుట్టి వెళ్లండి. మన ఊరి ఆవులు మనిషికి అలవాటు, ఇక్కడివి ఆసక్తితోనే మందగా మీదికి వస్తాయి. కుక్క ఉండి ఆవులు తరిమితే గొలుసు వదిలేయండి, అది పరుగెత్తి తప్పించుకుంటుంది.

వసంతం నుంచి శరత్కాలం దాకా పొడుగు గడ్డిలో టిక్ అనే రక్తం పీల్చే పురుగులు ఉంటాయి. ఇంటికి రాగానే మోకాలి వెనక, నడుము, పిల్లలకైతే తల వెంట్రుకల్లో వెతకండి. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిట్టనిలువుగా మెల్లగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి. తర్వాతి వారాల్లో వలయంలా ఎర్రబారితే డాక్టరుకు చూపించండి.

భోజనానికి పులిహోర ఉత్తమం, చింతపండు పులుపుకు పూటంతా పాడవదు. పెరుగన్నం వేసవి నడకలకు వద్దు.

కారు లేనివారికి స్విండన్ నుంచి ఏవ్‌బరీ మీదుగా 49 నంబరు బస్సు ఉంది. ఆదివారం వేళలు వేరు, తిరుగు బస్సు ముందే చూసుకోండి. పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే జూన్ 20–21 ప్రాంతంలో జనం విపరీతం, ఆ వారం నడక పెట్టం.

వచ్చే ఏడాది ఉగాది నడక వాగు దారిలో కావాలని కొందరు అడిగారు. ఉగాది వచ్చేది సరిగ్గా ఊటలు నిండే రోజుల్లో, కాబట్టి అది రిడ్జ్‌వే మీదే జరుగుతుంది. వాగు దారికి దసరా దాకా ఆగాలి. ప్రతి నడకకు వారం ముందు ఇద్దరు వెళ్లి దారి చూసి రావాలి. ఆ పనికి ముందుకొచ్చేవారు కార్యవర్గానికి పేరు ఇవ్వండి, పటం సంఘమే ఇస్తుంది.