తెనాలి అన్నయ్యకి, పదహారేళ్లు ఆలస్యంగా

ఈ మధ్య వారానికి ఒక ఫోనైనా వస్తోంది. "అన్నా, ఐదేళ్లకి రావాల్సిన ఐఎల్ఆర్ (బ్రిటన్‌లో స్థిరనివాస హక్కు) ఇక పదేళ్లట. ఇప్పటికే వచ్చేసినవాళ్లకి కూడానా?" అని. 2025 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం శ్వేతపత్రంలో ఆ పదేళ్ల మాట రాసింది. నవంబరులో ఇంకో అడుగు వేసి, ఇక్కడే ఉండి ఇంకా ఐఎల్ఆర్ రానివాళ్లకీ వర్తింపజేస్తామని ప్రతిపాదించింది. అప్పటి నుంచీ ఇక్కడి మన పిల్లలకి నిద్ర లేదు. వాళ్లకి ధైర్యం చెప్పడానికి నా కథే చెబుతుంటాను. చెప్పిన ప్రతిసారీ మనసులో ఒకటే గుచ్చుకుంటోంది. ఆ రోజుల్లో నన్ను గట్టెక్కించినవాళ్లకి నలుగురి ముందు ఒక్కసారి కూడా థ్యాంక్స్ చెప్పలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాణ్ని కాకూడదని ఇప్పుడు రాస్తున్నాను.

నేను 2004 సెప్టెంబరులో హెచ్ఎస్ఎంపీ మీద వచ్చాను. హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ ప్రోగ్రామ్ అనే వీసా పథకం. ఇప్పటి పిల్లలకి ఆ పేరే తెలియదు. 2002 జనవరిలో మొదలైంది. కంపెనీ స్పాన్సర్ చేయనక్కర్లేదు. చదువు, అనుభవం, జీతం చూసి పాయింట్లు వేసేవాళ్లు, నేను వచ్చేనాటికి 65 వస్తే చాలు. ముందు ఒక ఏడాది వీసా, ఆ తరువాత ఇంకో మూడేళ్లు, నాలుగేళ్లు నిండితే స్థిరనివాసం. ప్రతిగా మనం కూడా ఒక మాట ఇవ్వాలి, బ్రిటన్‌నే నా ఇల్లుగా చేసుకుంటానని. నేను సంతకం పెట్టి ఇచ్చాను. ఉత్తుత్తి సంతకం కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేశాను, కూకట్‌పల్లి ఫ్లాట్ అమ్మేశాం, పెద్దదాన్ని నాలుగేళ్ల వయసులో ఇక్కడి బళ్లో వేశాం.

రెండేళ్లు తిరక్కుండానే లెక్క మారింది. 2006 ఏప్రిల్ 3 నుంచి నాలుగేళ్ల గడువు కాస్తా ఐదయింది. సరే, ఒక ఏడాదే కదా అనుకున్నాం. నవంబరులో అసలు దెబ్బ పడింది. పాయింట్ల పట్టికే మార్చేశారు. అనుభవానికి విలువ పోయి, వయసుకి విలువ వచ్చింది. 65 కాదు, 75 కావాలి. కొత్తగా వచ్చేవాళ్లకి మాత్రమే అయితే ఎవరూ అడగరు. వీసా పొడిగించుకునే మాకూ అదే పట్టిక అన్నారు.

కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఎం.టెక్‌కి 35. ఇక్కడి అనుభవానికి 5. వయసుకి సున్నా, ముప్పై ఐదు దాటాయి కాబట్టి. జీతానికి వచ్చినవి కూడా కలిపితే మొత్తం 65. రావడానికి సరిపోయిన 65, ఉండటానికి సరిపోలేదు.

అప్పుడు ఒక కన్సల్టెంటు దగ్గరికి వెళ్లాను. ఫీజు తీసుకుని, ఇద్దరు పిల్లల తండ్రికి స్టూడెంట్ వీసాకి మారమని సలహా ఇచ్చాడు. ఆ ఫీజు నాకు ఇప్పటికీ కడుపుమంటే.

ఈస్ట్ హామ్‌లో మహాలక్ష్మి గుడి దగ్గర ఒక ఆదివారం తెనాలి అన్నయ్య కనిపించాడు. పేరు పెట్టి రాయొద్దన్నాడు కాబట్టి అందరం పిలిచినట్టే తెనాలి అన్నయ్య అంటాను. ఆయనా హెచ్ఎస్ఎంపీయే. నా మొహం చూడగానే, "నీక్కూడా తగ్గాయా? ఎన్ని?" అన్నాడు. పరీక్ష తప్పినవాళ్లు బయట నిలబడి ఒకరి మార్కులు ఒకరు అడిగినట్టు. ఆయనకి నాకంటే ఎక్కువే తగ్గాయి. "రాత్రికి ఇంటికి రా. నీ కాగితాలన్నీ పట్టుకురా" అన్నాడు.

వెళ్లాను. ఒకటిన్నర మనిషి పట్టే వంటగది. స్టవ్ మీద వదిన చారు పెడుతోంది, కిటికీ అద్దం నిండా ఆవిరి. బల్ల మీద పచ్చడి సీసాలు ఒక పక్కకి జరిపి ఫైళ్లు పరిచాడు. అప్పటికే పదిమందివి ఉన్నాయి. నా ఫోల్డర్ చూసి, "ఇంత పొందిగ్గా పెట్టుకున్నావేంట్రా" అన్నాడు. ఆ ఘనత నాది కాదు, మా నాన్నది. చీరాల సబ్ రిజిస్ట్రారాఫీసు ముందు ముప్పై ఏళ్లు దస్తావేజులు రాశాడు. "కాగితం పారేయకు. తేదీ లేని కాగితం దాచకు" అనేది ఆయన మంత్రం. అందుకే అర్జీ పెట్టిన రోజుల్లో ప్రింటు తీసుకున్న మార్గదర్శక పత్రం కూడా, మూల మీద తేదీతో సహా నా దగ్గర ఉంది.

అన్నయ్య దాన్ని పేజీ పేజీ తిప్పాడు. చివర్లో ప్రశ్నలూ జవాబులూ ఉండే చోట ఆగిపోయాడు. అక్కడ ఒక ప్రశ్న. నేనిప్పటికే ఈ పథకం కింద ఎంపికయ్యాను, ఈ మార్పులు నాకెలా వర్తిస్తాయి అని. దానికి జవాబు ఇంగ్లీషులో మూడు ముక్కలు. నాట్ ఎట్ ఆల్. అస్సలు వర్తించవు అని. ఒకసారి ఈ పథకంలో వచ్చాక మీకు స్థిరనివాసానికి దారి ఉన్నట్టే, పథకంలో ఈ మార్పులు చేసినా నాలుగేళ్లకి దరఖాస్తు పెట్టుకోవచ్చని దాని కింద వివరణ. అన్నయ్య పసుప్పచ్చ హైలైటర్‌తో ఆ వరుస మీద గీశాడు. గీసి, వదిన వైపు తిప్పి చూపించాడు. ఆవిడ గరిటె పట్టుకునే వంగి చదివి, "ఇంత స్పష్టంగా రాసి ఎలా కాదంటారండీ?" అంది. ఏడాదిన్నర తరువాత లండన్ హైకోర్టు అడిగినదీ దాదాపు ఆ ప్రశ్నే.

కోర్టుకి వెళ్లింది హెచ్ఎస్ఎంపీ ఫోరమ్. అమిత్ కపాడియా ముందుండి నడిపించారు. నాలాంటివాళ్లే, దేశదేశాల నుంచి వచ్చినవాళ్లు, చేరారు. కోర్టు ఖర్చులకి చందాలు వేసుకున్నారు. మావాళ్ల దగ్గర వసూలు చేసే పని తెనాలి అన్నయ్య నెత్తినేసుకున్నాడు. ఉద్యోగం పోయినవాడు పది పౌండ్లిచ్చినా రసీదు రాసిచ్చేవాడు. నేను నిజం చెప్పాలి. మొదట్లో నాకు నమ్మకం లేదు. "ప్రభుత్వం మీద కేసేంటి అన్నయ్యా, ఉన్న వీసా కూడా ఊడుతుంది" అన్నాను. ఆయన తిట్టలేదు, నా పేరు రాయలేదు, నా పత్రం మాత్రం జిరాక్సు తీసి పెట్టుకున్నాడు. దేనికైనా పనికొస్తుందని.

ఇంకో ఇద్దరి గురించి చెప్పకపోతే కళ్లు పోతాయి. మా ఇంటి ఓనరమ్మ, డెబ్బై దాటిన తెల్లావిడ, మా గోడు విని స్వయంగా మా ఎంపీకి ఉత్తరం రాసింది. పోస్టు చేసేముందు నాకు చదివి వినిపించింది కూడా. వరంగల్ అక్క అకౌంట్స్ చూసేది. మా అందరి పేస్లిప్పులు, పీ60లు (ఏడాది జీతం, పన్ను చూపే కాగితాలు), బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయో లేదో శనివారాలు కూర్చుని చూసి పెట్టింది, పైసా తీసుకోకుండా. టీ కూడా తనే పెట్టేది.

2007 ఆగస్టులో పార్లమెంటు మానవ హక్కుల సంయుక్త సంఘం ఈ మార్పులు న్యాయంగా లేవని నివేదిక ఇచ్చింది. ప్రభుత్వం కదల్లేదు. 2008 ఏప్రిల్ 8న తీర్పు వచ్చింది. ఉగాది పచ్చడి గిన్నె ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది, బాగా గుర్తు. జడ్జి సర్ జార్జ్ న్యూమన్ తీర్పు సారం ఇది. అప్పటికే పథకంలో ఉన్నవాళ్లకి మొదట ఏం ఇస్తామన్నారో అది దక్కకుండా చేయడానికి తగిన కారణం కనిపించడం లేదు, ప్రజలతో నిజాయితీగా వ్యవహరించడం పాలనకి అవసరం. ఆ ముక్క ఫోన్లో నాన్నకి చదివి చెబితే, "అంటే రాసిందానికి కట్టుబడమన్నాడు. అంతేగా" అన్నాడు. ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినాయనకి అందులో వింతేమీ కనిపించలేదు.

ఆ తీర్పు వల్ల 2008 సెప్టెంబరులో నా వీసా పాత లెక్కన పొడిగింపు అయింది. నాలుగేళ్లా ఐదేళ్లా అన్న తగువు మిగిలింది. ఫోరమ్ మళ్లీ వెళ్లింది. 2009 ఏప్రిల్ 6న జస్టిస్ కాక్స్, గడువు మారకముందు వచ్చినవాళ్లకి నాలుగేళ్లే అన్నారు. నేనూ మా ఆవిడా అప్పటికే స్థిరనివాసానికి రాయాల్సిన లైఫ్ ఇన్ ద యూకే పరీక్ష రాసి ఉన్నాం. 24 ప్రశ్నల్లో 18 రావాలి. మా ఆవిడకి నాకంటే ఎక్కువ వచ్చాయి, ఆ సంగతి మా ఇంట్లో ఎవరినీ మరిచిపోనివ్వదు. వేసవిలో పాస్‌పోర్టులు తిరిగొచ్చాయి, లోపల స్టిక్కర్లు, ఇండెఫినిట్ లీవ్ టు రిమైన్ అని. ఆనందం పట్టలేక నాన్నకి ఇంగ్లీషులోనే చదివాను. కాసేపు మాట్లాడలేదు. "అంత సెలవు ఎందుకిచ్చార్రా? ఉద్యోగం పోయిందా?" అన్నాడు.

తెనాలి అన్నయ్య ఆ రోజు ఇక్కడ లేడు. ఆయన వీసా 2007 చివర్లో అయిపోయింది. తీర్పు ఎప్పుడొస్తుందో తెలియదు, వదిన నెలలు నిండుతున్న మనిషి. సామాను అమ్మేసి వెళ్లిపోయారు. వెళ్లేముందు రాత్రి పదిమంది ఫైళ్లూ పేర్లు రాసి, ఎవరివి వాళ్లకి అప్పగించాడు. తీర్పు వచ్చిన సాయంత్రం ఫోన్ చేసి, "ఇప్పుడు నువ్వూ వచ్చెయ్యొచ్చేమో కనుక్కుంటాను అన్నయ్యా" అంటే, "ఇక్కడ అద్దెకి ఇల్లు తీసుకున్నాం రా, పెద్దాణ్ని బళ్లో వేశాం. మళ్లీ పీకలేను. నీ పని కానివ్వు" అన్నాడు. గొంతులో ఎక్కడా వెలితి వినిపించలేదు. వినిపించనివ్వలేదేమో. ఆయన వసూలు చేసిన చందాలతో గెలిచిన కేసు నాకు ఇల్లు నిలబెట్టింది, ఆయనకి నిలబెట్టలేదు. పదహారేళ్లు నేను ఈ పోస్టు రాయలేకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు.

ఫోన్లు చేస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక మాట. మా కేసు గెలిచింది కదా, మీదీ గెలుస్తుందని నేను చెప్పను. మాకు రాతపూర్వకంగా "అస్సలు వర్తించవు" అన్న హామీ ఉంది, మేమూ ఎదురు మాట రాసిచ్చాం. మీరు వచ్చిన దారిలో అలాంటి మాట ఉందో లేదో మీ కాగితాల్లోనే తేలాలి. అందుకే మీరు అర్జీ పెట్టిననాటి నిబంధనలు ఈ రాత్రే సేవ్ చేసుకోండి, తేదీతో సహా. వెబ్‌సైట్‌లో పేజీలు మారిపోతాయి. సలహాకి రిజిస్టరైన లాయరు దగ్గరికే వెళ్లండి. నా స్టూడెంట్ వీసా కన్సల్టెంటు లాంటివాళ్లకి ఇప్పుడూ కరువు లేదు.

ఫోరమ్‌లో పనిచేసిన ప్రతి ఒక్కరికీ, అమిత్ గారికీ, మా ఓనరమ్మకీ (ఆవిడ ఇప్పుడు లేరు), వరంగల్ అక్కకీ, నాన్నకీ నా నమస్కారాలు. వదినా, ఆ చారు మళ్లీ తాగాలని ఉంది.

అన్నయ్యా, సంక్రాంతికి తెనాలి వస్తున్నాం, పిల్లలతో సహా. ఫోల్డర్ తెస్తున్నాను. నువ్వు గీసిన పసుపు వరుస కొంచెం వెలిసింది కానీ చదవడానికి వస్తోంది.