పాత కీబోర్డుల మరమ్మతులో నా పొరపాటు, ఇకపై మా దుకాణంలో పాటించే పద్ధతి

మా ఖాతాదారులందరికీ నమస్కారం.

సంక్రాంతి తరువాత పాత కీబోర్డుల మరమ్మతుకు నేను కొత్తగా ఒక్కటి కూడా తీసుకోలేదని మీలో చాలామందికి తెలుసు. ఫోను చేసినవారికి పని పేరుకుపోయిందని, కొన్నాళ్లు ఆగమని చెబుతూ వచ్చాను. పని పేరుకుపోయిన మాట నిజమే గానీ, ఆపడానికి అసలు కారణం అది కాదు. గడిచిన నాలుగేళ్లలో మీ వాద్యాలకు నేను చేసిన పనిలో ఒక పెద్ద పొరపాటు ఉందని నాకు తెలిసింది. దాన్ని సరిదిద్దే దారి దొరికేదాకా మరొకరి పెట్టె విప్పకూడదని అనుకున్నాను. ఇప్పుడు దారి దొరికింది కనుక జరిగింది జరిగినట్లు మీకు రాస్తున్నాను.

నిరుడు కార్తీక మాసంలో అమలాపురం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక ఆవిడ రాజమండ్రిలోని మా దుకాణానికి కాసియో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డు తెచ్చారు. కువైట్‌లో డ్రైవరుగా పనిచేసిన వాళ్ల నాన్నగారు 1980లలో సెలవుకు వస్తూ తెచ్చుకున్న పెట్టె అది. ఊళ్లో రామాలయం భజనలకు హార్మోనియం వాయించే ఆయన, ఇంట్లో మాత్రం దీన్నే ముందు పెట్టుకుని కూర్చునేవారట. ఆయన పోయాక అది చాలా ఏళ్లు అటక మీద ఉండిపోయింది. 37 చిన్న మెట్లలో పద్నాలుగు పలకడం లేదు. బ్యాటరీల గది నిండా పచ్చటి చిలుము పట్టింది. స్పీకర్ కాగితపు అంచును ఎలుక కొరికింది. మూడు వారాలు దాని ముందే కూర్చున్నాను. చిలుము గీకి తీగలు మార్చాను, మెట్ల కింది రబ్బరు కాంటాక్టులు శుభ్రం చేశాను, సర్క్యూట్ బోర్డు మీది కండెన్సర్లన్నీ (విద్యుత్తును కాసేపు నిల్వ చేసే చిన్న భాగాలు) పీకి కొత్తవి వేశాను, పాత స్పీకర్ తీసేసి బరువైన మాగ్నెట్, రబ్బరు అంచు ఉన్న కొత్త స్పీకర్ బిగించాను. శబ్దం నిండుగా, శుభ్రంగా వచ్చింది. చాలా మంచి పని చేశాననుకున్నాను.

ఆవిడ వచ్చి, ఆర్గన్ టోన్ పెట్టి, ఒక మెట్టు మీద వేలు ఉంచి తీయకుండా చాలాసేపు విన్నారు. తరువాత మరొక మెట్టు నొక్కారు. ఆపైన స్పీకర్ జాలీ మీద అరచేయి ఆనించి మళ్లీ విన్నారు. “పని బాగా చేశారు మాస్టారూ. కానీ ఇది మా నాన్నగారి పెట్టె కాదండి” అన్నారు. నేను అడుగున ఉన్న సీరియల్ నంబరు చూపించాను. ఆవిడ కోపగించుకోలేదు, వాదించలేదు. డబ్బులు లెక్కపెట్టి ఇచ్చి, పెట్టెను తువ్వాలులో చుట్టుకుని బస్సు వేళయిందని వెళ్లిపోయారు.

నా దగ్గర విడిభాగాల కోసం దాచుకున్న మరొక ఎంటీ-40 ఉంది. దాన్ని ఎవరూ విప్పిన జాడ లేదు. ఆ రాత్రే దాన్ని బయటకు తీసి, ఆవిడ పెట్టె ఇచ్చే ముందు ఫోనులో రికార్డు చేసుకున్న స్వరాలను పక్కన పెట్టి విన్నాను. ఆవిడ చెప్పింది నిజం. రెండింటికీ తేడా ఉంది, అది చిన్నది కూడా కాదు.

ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ వాద్యం ఎలా పలుకుతుందో చెప్పాలి. కాసియో సంస్థను నడిపిన కాషియో సోదరులు నలుగురు. లెక్కల యంత్రాలు చేసే ఆ సంస్థ 1980లో తన మొదటి కీబోర్డు కాసియోటోన్ 201ను విడుదల చేసింది. దాని వెనక ఉన్న ఆలోచన ఆ నలుగురిలో ఒకరైన తోషియో కాషియోది. మనిషి మాటలో హల్లు ముందు తాకి, అచ్చు తరువాత నిలిచినట్లే, వాద్యం పలికే స్వరంలోనూ మొదటి తాకిడి ఒకటి, నిలిచే నాదం మరొకటి ఉంటాయని గమనించి, ఆ రెంటినీ వేరువేరు తరంగాలుగా తయారుచేసి కలిపే పద్ధతిని ఆయన రూపొందించారు. ఆ పద్ధతి పేరే హల్లు-అచ్చు పద్ధతి. పలక మీద గుణింతం దిద్దినవారికి ఇంతకంటే వివరణ అక్కరలేదు. మెమరీ చిప్పులు ఎంతో ఖరీదైన ఆ రోజుల్లో నిజమైన వాద్యాలను రికార్డు చేసి పెట్టెలో పెట్టడం ఇళ్లలో కొనే ధరకు సాధ్యం కాదు. అందుకే కొద్దిపాటి అంకెలతో స్వరాన్ని అల్లారు. ఆ ఆర్గన్ ఏ గుడిలోని, ఏ చర్చిలోని ఆర్గనూ కాదు, ఆ పెట్టెకే సొంతమైన ఒక గొంతు. నేను ఈ వాద్యాలను ఇంతగా ప్రేమించడానికి కారణం అదే.

చిప్పు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఆ తరంగం నున్నగా ఉండదు, అంచెలంచెలుగా కోసినట్లు గరుకుగా ఉంటుంది. దాని గరుకును తగ్గించి గొంతుకు గుండ్రదనం ఇచ్చేవి బోర్డు మీది ఫిల్టర్లు, అంటే కరెంటును అడ్డుకునే కొన్ని రెసిస్టర్లు, కొన్ని కండెన్సర్లు. ఒక లెక్క చూపిస్తాను. 22 కిలో ఓముల రెసిస్టర్‌కు 10 నానో ఫారడ్ల కండెన్సర్ జతపడితే సుమారు 720 హెర్ట్జ్ దగ్గర నుంచి పై శబ్దాలు తగ్గడం మొదలవుతుంది. అదే చోట 15 నానో ఫారడ్లది వేస్తే ఆ హద్దు సుమారు 480 హెర్ట్జ్‌కు దిగిపోతుంది. సంగీతపు లెక్కలో అది దాదాపు ఏడు స్వరస్థానాల దూరం. అంకె చెరిగిపోయిన కండెన్సర్ల చోట నేను చేతికి దొరికిన దగ్గరి విలువలు వేశాను. లోపల రసాయన ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఏళ్ల తరబడి ఉంటే ఎండిపోతాయి, కారతాయి, వాటిని మార్చక తప్పదు. పలుచటి ప్లాస్టిక్ ఫిల్ముతో చేసిన చిన్న కండెన్సర్లు మాత్రం నలభై ఏళ్లయినా చెక్కుచెదరకుండా ఉంటాయి. మంచివాటిని పీకి చెత్తబుట్టలో వేసి, వాటి స్థానంలో తప్పు విలువలు పెట్టి, దాన్ని పూర్తి మరమ్మతు అని మీకు బిల్లు రాశాను. అందుకు మీ అందరికీ క్షమాపణ చెబుతున్నాను.

స్పీకర్ సంగతీ అంతే. ఆ చిన్న కాగితపు స్పీకర్, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ డొల్ల కలిసి కొన్ని స్వరాలను కాస్త ముందుకు తోస్తాయి, కింది మంద్రాన్ని వదిలేస్తాయి. ఆవిడ జాలీ మీద చేయి పెట్టి వెతికింది ఆ అదురునే. కొత్త స్పీకర్ మంద్రాన్ని బాగా పలికిస్తుంది గానీ డొల్లను అలా అదిరించదు. మూడు రాత్రులు కూర్చుని ఒక్కొక్క భాగం మార్చి చూశాను. పాత రకం స్పీకర్ తిరిగి బిగించగానే సగం గొంతు వచ్చింది, సరైన విలువల కండెన్సర్లు పడ్డాక మిగతాది వచ్చింది.

ఇకపై నేను పాటించే పద్ధతి ఇది. విప్పే ముందు మీ ఎదుటే ప్రతి టోన్‌లో రెండేసి స్వరాలు రికార్డు చేసి, ఒక కాపీ మీకు ఇస్తాను. ఎలక్ట్రోలిటిక్‌లను మాత్రమే మారుస్తాను. మిగతా ఏ కండెన్సర్‌నైనా మీటరు పెట్టి కొలిచి, చెడిపోయిందని తేలితేనే తీసి, అదే విలువ ఉన్నది వేస్తాను. చిరిగిన స్పీకర్ కోన్‌ను పలుచటి కాగితం, జిగురుతో అతుకుతాను. కాయిల్ కాలిపోతే తప్ప స్పీకర్ మార్చను, మారిస్తే మీకు ముందు చెప్పి మారుస్తాను. తీసిన ప్రతి భాగాన్ని కవరులో వేసి, ఎక్కడి నుంచి తీశానో రాసి మీకే ఇస్తాను. దీనివల్ల పనికి పట్టే కాలం పెరుగుతుంది. ఇదివరకు పది రోజుల్లో ఇచ్చేది ఇప్పుడు నెల పడుతుంది. మరమ్మతు రుసుము మాత్రం పెంచడం లేదు.

గడిచిన నాలుగేళ్లలో పాత పద్ధతిలో నేను చేసిన కీబోర్డులు నా పుస్తకం ప్రకారం 34. ఆ ముప్పయి నాలుగింటినీ ఉచితంగా సరిచేసి ఇస్తాను, రానుపోను రవాణా ఖర్చు కూడా నాదే. ఇరవై మూడింటి పాత భాగాలు నా దగ్గర పూతరేకుల డబ్బాల్లో ఉన్నాయి. పదకొండింటివి పారేశాను. వాటి విషయంలో అదే మోడల్ మరొకటి విప్పి, విలువలు కొలిచి వేయాలి, అందుకు కొంత ఆలస్యం కావచ్చు. కొత్త స్పీకర్ శబ్దమే నచ్చిందనేవారు అలాగే ఉంచుకోవచ్చు.

ఎంటీ-40 గురించి మరికొంత చెప్పకుండా ఉండలేను. 1981లో వచ్చిన ఆ చిన్న పెట్టెలో 22 టోన్లు, ఎడమవైపు బాస్ కోసం, అంటే మంద్ర స్వరాల కోసం, విడిగా 15 చిన్న మీటలు ఉంటాయి. దాని డ్రమ్ము శబ్దాలు కూడా రికార్డు చేసినవి కావు, బోర్డు మీది సర్క్యూట్లు అప్పటికప్పుడు పుట్టించేవి. అందులో రాక్ అనే రిథమ్‌కు తోడుగా వచ్చే బాస్ వరసను సమకూర్చినది ఒకుడా హిరోకో. సంగీతం చదివి 1980లో కాసియోలో చేరిన యువతి ఆవిడ, విద్యార్థిగా ఉన్నప్పుడే జమైకాలో పుట్టిన రెగే సంగీతం మీద మనసు పడ్డవారు. కొన్నేళ్లకు ఆ పెట్టె జమైకా చేరింది. అక్కడ వేన్ స్మిత్, నోయెల్ డేవీ అనే యువకులు ఆ రిథమ్‌ను పట్టుకున్నారు, అక్కడి రికార్డుల నిర్మాత కింగ్ జామీ దాని వేగం తగ్గించి 1985లో రికార్డుగా తెచ్చారు. స్లెంగ్ టెంగ్ అని పేరుపడిన ఆ వరస మీద ఆ తరువాత వచ్చిన పాటలు వందల్లో ఉన్నాయి. ఎక్కడో జపానులో రెగే అంటే ఇష్టపడే ఒక అమ్మాయి ఒక మీట వెనక పెట్టిన నాలుగు స్వరాలు, ఆ సంగీతం పుట్టిన దేశానికే చేరి అక్కడి పద్ధతిని మార్చేశాయి. ఆ మీట ఇప్పటికీ మా బల్ల మీద ఉన్న పెట్టెలో పలుకుతుంది. వచ్చినవారు ఎవరైనా నొక్కి వినవచ్చు.

యమహా పెట్టెలు తెచ్చేవారు వాటికీ ఇదే ఇబ్బంది ఉందా అని అడుగుతున్నారు. యమహా చిన్న కీబోర్డుల్లో పీఎస్ఎస్ వరసలోని చాలా పెట్టెలు ఎఫ్ఎం పద్ధతిలో పలుకుతాయి. ఒక తరంగం మరొక తరంగపు వేగాన్ని ఊపితే కొత్త నాదం పుడుతుందని 1967లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ కనిపెట్టిన పద్ధతి అది. దాని హక్కులు తీసుకున్న యమహా 1983లో డీఎక్స్7 అనే కీబోర్డుతో ప్రపంచానికంతా వినిపించి, ఆపైన ఇళ్లలోని చిన్న పెట్టెల్లోకి దించింది. పీఎస్ఎస్-480లో రెండు తరంగాలే ఉన్నా, మీటలతో మన టోన్ మనమే మలుచుకోవచ్చు. గంటల శబ్దం, గాజు మీద తట్టినట్లుండే ఎలక్ట్రిక్ పియానో శబ్దం వీటిలో వచ్చినంత అందంగా ఆ ధరలో మరెందులోనూ రాలేదని నా అభిప్రాయం. వీటిలో గొంతు ఎక్కువభాగం చిప్పులోనే తయారవుతుంది కనుక నా పొరపాటు వీటికి తక్కువ నష్టం చేసింది. అయినా స్పీకర్ మార్చినవి మాత్రం తీసుకురండి.

ఈ పెట్టెలకు గమకం పలికించే వీలు కల్పించమని, గాయకుల శ్రుతికి తగ్గట్టు స్వరాలను జరిపే ట్రాన్స్‌పోజ్ మీట పెట్టించమని కొందరు కోరుతున్నారు. ఆ పని నేను చేయను. ఒకటిన్నర శ్రుతికి పాడేవారికి నల్ల మెట్ల మీద వాయించడం హార్మోనియం వాయించేవారికి అలవాటైన విద్యే. తబలా, తంబూరా కావలసినవారికి మన దేశం కోసం చేసిన కొత్త కీబోర్డులు బజారులో ఉన్నాయి, అవి మంచివి కూడా. పాత పెట్టె లోపల కొత్త బోర్డు పెట్టి రెండింటినీ పాడుచేయడం నాకు ఇష్టం లేదు.

అడాప్టర్ల విషయంలో అందరినీ వేడుకుంటున్నాను. ఆ కాలపు కాసియో అడాప్టర్లకు పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది, యమహాకు మధ్యలో ప్లస్ ఉంటుంది. వోల్టేజీ కూడా వేరు: పాత కాసియోలు చాలావరకు 7.5 లేదా 9 వోల్టులవి, యమహా కీబోర్డు అడాప్టర్లు సాధారణంగా 12 వోల్టులవి. పిన్ను దూరింది కదా అని టీవీ సెటాప్ బాక్సు అడాప్టర్ పెట్టడం వల్ల ఈ ఏడాది నా ముందుకు వచ్చిన మూడు పెట్టెల్లో రెండింటి చిప్పులు కాలిపోయాయి. ఆ చిప్పులు ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదు. వాడని పెట్టెలో బ్యాటరీలు ఉంచకండి.

అమలాపురం ఆవిడకు మాఘమాసంలో నేనే ఫోను చేసి, వెళ్లి పెట్టె తెచ్చుకున్నాను. ఎలుక కొరికిన స్పీకర్ అంచుకు కాగితం అతికి ఆరబెట్టాను, కండెన్సర్లను నా ఎంటీ-40లోని విలువలతో సరిచూసి వేశాను. తిరిగి ఇచ్చిన రోజున ఆవిడ అదే మెట్టు మీద వేలు ఉంచి, జాలీ మీద అరచేయి ఆనించారు. ఈసారి ఏమీ అనలేదు. పక్క గదిలో ఉన్న వాళ్ల అమ్మగారిని పిలిచారు.

వచ్చే సోమవారం నుంచి మరమ్మతులు మళ్లీ మొదలవుతాయి. ముందు ఆ ముప్పయి నాలుగు, తరువాత కొత్తవి. ఆదివారం సెలవు, మిగతా రోజుల్లో ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు వరకు దుకాణంలోనే ఉంటాను. పెట్టెతో పాటు మీరు వాడుతున్న అడాప్టర్‌ను కూడా తప్పకుండా తీసుకురండి.