2024–25 వార్షిక నివేదిక: రెండు ఉగాదులు, ఒక వెబ్‌సైటు

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

పర్లాకిమిడిలోని మన తెలుగు సంఘం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేసిన పనుల వివరం ఇది. కార్యవర్గం తరఫున కార్యదర్శిగా నేను రాస్తున్నాను. ఈసారి ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండు ఉగాదులు పడ్డాయి. 2024 ఏప్రిల్ 9న క్రోధి వచ్చింది, 2025 మార్చి 30న విశ్వావసు వచ్చింది. పచ్చడి ఖర్చు రెండుసార్లు ఎందుకు రాశారని ఒకరిద్దరు అప్పుడే అడిగారు. అందుకే ముందుగా చెబుతున్నాను, లెక్క సరిగ్గానే ఉంది.

మామూలు కార్యక్రమాలు మామూలుగా జరిగాయి. పిల్లల తెలుగు తరగతి ఆదివారాల్లో నడిచింది. పరీక్షల నెలల్లో మాత్రం హాజరు పలచబడింది. కార్తీక వనభోజనాలు మహేంద్రతనయ ఒడ్డున జరిగాయి. పులిహోర మిగిలింది, పనసపొట్టు కూర చాలలేదు. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకున్నాం. ఆయన ఈ ఊళ్లో రాజా వారి బడిలో పాఠాలు చెప్పిన మనిషి, చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కట్టిన మనిషి. అందుకే ఆ రోజు సవర పెద్దలను వేదిక మీద ముందు వరుసలో కూర్చోబెట్టాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

ఇక వెబ్‌సైటు సంగతి. ఈ ఏడాది కార్యవర్గం శ్రమలో సగానికి పైగా దీనికే పోయింది. చాలామంది అడిగిన ప్రశ్న కూడా ఒక్కటే: ఒక వెబ్‌సైటు మార్చడానికి ఏడాది పడుతుందా? పడుతుంది. ఎందుకు పడిందో చెప్పాలంటే ముందు నా తప్పు ఒప్పుకోవాలి.

మన సైటు వర్డ్‌ప్రెస్ అనే, వెబ్‌సైట్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. 2024 ఏప్రిల్ 2న దాని 6.5 విడుదల వచ్చింది. తెలుగు ఫాంట్లను మనమే ఎక్కించుకుని ఒక్క చోటి నుంచి చూసుకునే ఫాంట్ లైబ్రరీ అందులో ఉందని విన్నాను. ఆగలేకపోయాను. విడుదలైన మూడోనాడు, ఉగాదికి సరిగ్గా నాలుగు రోజుల ముందు, రాత్రి భోజనం చేసి కూర్చుని అప్‌డేట్ బటన్ నొక్కాను. అంతకుముందెప్పుడో డబ్బు పెట్టి కొన్న థీమ్, అంటే సైటు రూపును నిర్ణయించే అమరిక, మన సైటుకు ఉండేది. తయారుచేసినవాళ్లు దాన్ని పట్టించుకోవడం మానేసి చాలాకాలమైంది. అది ఒక్కసారిగా కూలబడింది. మెనూ మాయమైంది, ఫోటోలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అన్నిటికంటే ఘోరం, శీర్షికల్లో తెలుగు పోయింది.

తెలుగు ఎందుకు పోయిందో తర్వాత అర్థమైంది. మన సంచికల శీర్షికలన్నీ కంప్యూటరు మీద పేజీలు కూర్చే ఒకప్పటి డీటీపీ ఫాంట్లతో కొట్టినవి. ఆ ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగే అయినా లోపల దాగినవి ఇంగ్లీషు అక్షరాలే. ఫాంటు అనే ముసుగు జారిందంటే లోపలి సరుకు బయటపడుతుంది. ఉగాది ఆహ్వానం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు కలగలిసిన వింత భాష కనిపించింది. తెల్లారేసరికి పాతపట్నం నుంచి ఒక పెద్దాయన ఫోను చేసి, “సంఘానికి ఎవరైనా శాపనార్థాలు పెట్టారా బాబూ?” అని అడిగారు. చేతిలో ఉన్న బ్యాకప్ సంక్రాంతి నాటిది. దాన్నే తిరిగి ఎక్కించి, ఆహ్వానాలు వాట్సాప్‌లో పంపి ఆ ఉగాది గట్టెక్కించాం.

ఇందులో నన్ను ఇప్పటికీ కుట్టే సంగతి ఒకటుంది. నేను ఏ ఫాంట్ లైబ్రరీ కోసం తొందరపడ్డానో అది అప్పట్లో బ్లాక్ థీమ్, అంటే సైటు రూపంతా బ్లాకులనే ముక్కలుగా పేర్చుకునే థీమ్, ఉన్న సైట్లలోనే పనిచేసేది. మన పాత థీమ్‌లో దాని జాడే లేదు. పైగా దాన్ని తయారుచేసినవాళ్లు 2023 నవంబరు నాటి 6.4లోనే ఇవ్వాలనుకుని, సిద్ధంగా లేదని పక్కన పెట్టారు. 6.5 కూడా మార్చి 26న రావాల్సింది. ఫాంటు ఫైళ్లను సర్వరులో ఏ ఫోల్డరులో దాచాలన్నది తేలక వారం వెనక్కి జరిపారు. వాళ్లు దానికోసం ఒక విడుదల మొత్తం ఆగి, ఆపైన మరో వారం ఆగారు. నేను ఉగాది దాటేదాకా ఆగలేకపోయాను.

ఆ తర్వాతి కార్యవర్గ సమావేశంలో నన్ను తిట్టాల్సినంత తిట్టారు. చివర్లో మన సంఘంలోని పాత కంపోజిటర్ గారు నోరు విప్పారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి గ్యాలీ అనే పళ్లెంలో పేర్చిన చేతులు ఆయనవి. వర్డ్‌ప్రెస్‌లో పేరా ఒక బ్లాకు, బొమ్మ ఒక బ్లాకు, శీర్షిక ఒక బ్లాకు అని మన ఇంజనీరింగ్ విద్యార్థిని వివరిస్తుంటే ఆయన నవ్వి, “ఇది గ్యాలీలో పేర్చడమే కదమ్మా” అన్నారు. ఈ బ్లాకుల ప్రాజెక్టుకు వర్డ్‌ప్రెస్ వాళ్లు పెట్టుకున్న పేరు గూటెన్‌బర్గ్ అని ఆ అమ్మాయి చెప్పగానే ఆయన ముఖం చూడాల్సింది. 15వ శతాబ్దంలో విడి అక్షరాలతో అచ్చు నడిపిన జర్మన్ పేరును కంప్యూటర్ల వాళ్లు గుర్తుపెట్టుకున్నారా అని ఆయన మురిసిపోయారు.

ఆపైన ఆయన చెప్పిన మాటే మా ఏడాది ప్రణాళిక అయింది. ప్రెస్సులో ఏ పుస్తకమూ ఒక్క దెబ్బలో మిషను ఎక్కదు. ముందు గ్యాలీ ప్రూఫు, తర్వాత పేజీ ప్రూఫు, చివరికి మిషను ప్రూఫు. ప్రతిసారీ వేరే కళ్లు చూడాలి. కూర్చినవాడికి తన తప్పు తనకు కనిపించదు.

వర్డ్‌ప్రెస్ వాళ్లు చేసిందీ అదే. బ్లాకులతో పేజీ రాసుకునే బ్లాక్ ఎడిటర్ 2017లో మొదట విడి ప్లగిన్‌గా, అంటే కావాలంటే తగిలించుకునే అదనపు భాగంగా, వచ్చింది. కావలసినవాళ్లు వేసుకుని చూసి తప్పులు చెప్పవచ్చు. ఏడాదిన్నర అలా నలిగాకే 5.0లోకి చేర్చారు. ఆ 5.0 కూడా 2018 నవంబరు 19న అన్నారు, 27 అన్నారు, చివరికి డిసెంబరు 6న ఇచ్చారు. పాత పద్ధతే చాలు అనుకునేవాళ్ల కోసం క్లాసిక్ ఎడిటర్ అనే ప్లగిన్‌ను పక్కనే ఉంచారు. రాత పేజీ ఒక్కటే కాక సైటు తల, కాలు, మొత్తం రూపు బ్లాకులతోనే కట్టుకునే సదుపాయం రెండో దశ. అది 5.9తో వచ్చింది. 2021 డిసెంబరులో ఇస్తామన్నది 2022 జనవరి 25కి జరిగింది. మూడో దశ పలువురు కలిసి ఒకే పేజీ మీద పనిచేయడం, అది ఇంకా నడుస్తోంది. నాలుగోది బహుభాషల దశ. దాని సంగతి తర్వాత చెబుతాను, ఎందుకంటే మనకు కావలసింది అదే. ప్రతి విడుదలకూ ముందు బీటాలు అనే తొలి పరీక్ష ప్రతులు, ఆపైన తుది పరీక్ష ప్రతులు ఉంటాయి. మనం నొక్కే బటన్ వెనక ఇన్ని ప్రూఫులు ఉన్నాయి.

మేమూ మూడు ప్రూఫులు పెట్టుకున్నాం. వేసవిలో సైటుకు ఒక నకలు తీసి, బయటివాళ్లకు కనిపించకుండా పక్కన పెట్టి, కార్యవర్గం మాత్రమే చూసింది. పాత శీర్షికలను యూనికోడ్‌లోకి, అంటే లోపల కూడా తెలుగు అక్షరాలుగానే ఉండే పద్ధతిలోకి, మార్చింది ఆ నెలల్లోనే. మార్పిడి ప్రోగ్రాములు చాలావరకు చేస్తాయి గానీ ఒత్తుల దగ్గర తడబడతాయి. మాస్టారు గారూ పిల్లలూ కలిసి వరుసగా ఆదివారాలు కూర్చుని ఒక్కో శీర్షికా సరిచూశారు. వాళ్లకు ఈ సభ చప్పట్లు కొట్టాలి.

గిడుగు జయంతి నాడు రెండో ప్రూఫు. కొంతమంది సభ్యులకు లింకు ఇచ్చి, తప్పులు పట్టినవారికి అరిసెలు అని ప్రకటించాం. ఊరికే అన్నాం గానీ నిజంగానే పంచాల్సి వచ్చింది. శీర్షికలకు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే ‘గిడుగు’ అనే తెలుగు ఫాంటును ఎక్కించాం. ఆయన పేరు పెట్టుకున్న అక్షరాలు ఆయన బతికిన ఊరి సంఘం నెత్తిన ఉండాలన్నది మాస్టారు గారి పట్టుదల. చూడటానికి ముచ్చటగానే ఉంది. కానీ ‘రాష్ట్రం’ అన్న మాట దగ్గర దొరికిపోయాం. షకారం కింద టకారం ఒత్తు, దానికి తోడు రకారం. ఫోనులో ఆ శీర్షిక రెండు వరుసలకు విరిగితే కింది వరుస అక్షరాలు వచ్చి ఆ ఒత్తుల మీద కూర్చున్నాయి. ఇంగ్లీషుకు సరిపోయేలా పెట్టిన వరుసల ఎడం తెలుగుకు ఇరుకు. థీమ్ అమరికలో ఆ ఎడం పెంచగానే ఒత్తులు ఊపిరి పీల్చుకున్నాయి. దీన్ని పట్టింది ఒక పన్నెండేళ్ల అబ్బాయి. నేను ఆ పేజీని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, నా కంట పడనే లేదు. కంపోజిటర్ గారి మాట మళ్లీ నిజమైంది. ఫాంట్ లైబ్రరీ ఎక్కించిన ఫాంటు మన సర్వరులోనే ఉంటుంది కాబట్టి, సిగ్నలు సరిగా అందని ఊళ్లలోని సభ్యుల ఫోన్లు దానికోసం మరో చోటికి పరుగెత్తాల్సిన పని లేదు.

నవంబరు 12న 6.7 విడుదలైంది. దానితోపాటు ట్వెంటీ ట్వెంటీ ఫైవ్ అనే కొత్త బ్లాక్ థీమ్ వచ్చింది. ఈసారి నేను బటన్ దరిదాపులకు పోలేదు. మొదటి చిన్న సవరణ వచ్చేదాకా ఆగి, నకలు మీద వేసి చూసి, ఆ థీమ్‌నే ఖాయం చేశాం. మూడో ప్రూఫుగా సంక్రాంతికి మొదటి పేజీ, కార్యక్రమాల పేజీ మాత్రం అందరికీ తెరిచాం. విశ్వావసు ఉగాది ఉదయం పంచాంగ శ్రవణానికి ముందు మిగిలినదంతా తెరిచి పాత సైటును మూసేశాం. ఏదీ కూలలేదు. ఎవరూ ఫోను చేయలేదు. కొంచెం నిరాశ కలిగిన మాట నిజం.

ఇప్పుడు గొడవ సంగతి. కొత్త సైటులో ఒడియా పేజీలు ఎందుకని సంక్రాంతి తర్వాత సభలో గట్టిగానే వాదన జరిగింది. తెలుగు సంఘానికి ఒడియా ఏమిటన్నారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు గిడుగు వారే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారని కూడా గుర్తుచేశారు. నిజమే. కానీ ఆయన వెళ్లారు, మనం ఉన్నాం. మన పిల్లలు ఒడియా బడుల్లో చదువుతున్నారు. ఇంట్లో చక్కటి తెలుగు మాట్లాడే పిల్ల తెలుగు అక్షరం చూసి బిక్కమొహం వేస్తుంది. ఆదివారం తరగతి ఎక్కడ, ఎన్ని గంటలకు అన్న కబురు ఆ పిల్లకు అందాలంటే ముందు చదవగలిగే లిపిలో ఉండాలి. తెలుగు నేర్చుకోవడానికి రమ్మనే పిలుపును తెలుగులో మాత్రమే రాయడం నాకు తర్కంగా తోచలేదు. కార్యవర్గంలో ఎక్కువమంది ఇదే అన్నారు, తీర్మానం నెగ్గింది. ఒప్పుకోనివారి అభ్యంతరం మినిట్స్‌లో నమోదైంది.

చిక్కు ఏమిటంటే బహుభాషల దశ వర్డ్‌ప్రెస్‌లో ఇంకా రాలేదు. వేరే ప్లగిన్లు ఉన్నాయి. వాటికి ఏటా కట్టే డబ్బు గురించి, మళ్లీ ఇంకొకరి థీమ్ లాగా మధ్యలో వదిలేస్తే ఎలా అన్న భయం గురించి చర్చించి వద్దనుకున్నాం. ప్రస్తుతానికి ప్రతి తెలుగు పేజీకి ఒక ఒడియా పేజీని చేత్తో రాసి, ఒకదానికొకటి లింకు కలుపుతున్నాం. తెలుగులో సమయం మారితే ఒడియాలోనూ మార్చడం మరచిపోతున్నాం. ఫిబ్రవరిలో ఒక ఆదివారం ఒడియా చదివిన పిల్లలు గంట ముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. ఒడియా పేజీలు చూసుకోవడానికి ఇద్దరు స్వచ్ఛందంగా ముందుకు రావాలని ఈ నివేదిక ద్వారా కోరుతున్నాను.

పాత ప్రత్యేక సంచికలు ఎవరి అటకల మీదైనా ఉంటే తెచ్చి ఇవ్వండి, స్కాన్ చేసి భద్రంగా తిరిగి ఇస్తాం. సైటుకు రచనలు పంపేవారు యూనికోడ్‌లోనే పంపండి. ఫోనులో కొట్టిన తెలుగంతా యూనికోడే, కాబట్టి ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

ఏప్రిల్ 15న వర్డ్‌ప్రెస్ 6.8 వచ్చింది. ఈ నివేదిక రాస్తున్న వేళకు మన సైటులో దాన్ని వేయలేదు, నకలు మీద చూస్తున్నారు. ముందుజాగ్రత్తగా కార్యవర్గం పాస్‌వర్డు మార్చి కోశాధికారి గారి దగ్గర ఉంచింది. ఎంత అడిగినా ఆయన నాకు చెప్పడం లేదు.

ఇట్లు,
కార్యదర్శి