ఆయిల్ మార్పించే ముందు ఈ ఉత్తరం చదువు

ఒరేయ్ బావా,

కొత్త కారు పక్కన నువ్వూ చెల్లెమ్మా నిలబడ్డ ఫోటో చూసి మా ఇంట్లో అందరికీ పండగలా ఉందిరా. అయితే నిన్న ఫోన్‌లో "ఆయిల్ మన షెడ్‌లోనే మార్పించేస్తా, సగం ఖర్చులో అయిపోతుంది" అన్నావు చూడు, అప్పటినుంచి నాకు మనసు మనసులో లేదు. నీది బీఎస్6, అంటే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన డీజిల్ బండి. నా డీజిల్ కారుకు జరిగింది నీకు జరగకూడదు.

నేనూ రెండుసార్లు బయటే మార్పించాను. తర్వాత ఒకరోజు డాష్‌బోర్డు మీద నారింజ రంగు లైటు వెలిగింది, ఎంత దూరం నడిపినా ఆరలేదు. పొగ గొట్టం దారిలో ఉండి పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ మూసుకుపోయిందన్నారు. వారంటీ ఉంది కదా అని ధైర్యంగా కంపెనీ సర్వీసు సెంటర్‌కి వెళ్తే, ఆయిల్ బిల్లులు అడిగారు. నా దగ్గర ఉన్నది "ఆయిల్ చేంజ్" అని రాసి, కింద అంకె వేసిన చిన్న చీటీ. ఏ ఆయిలో అందులో లేదు. షెడ్‌కి వెళ్లి చూస్తే అక్కడ ఉన్నది లారీలకు పోసే ఆయిల్ డబ్బా! ఆయిల్ వల్లే పాడైందని సెంటర్ వాళ్లు నిరూపించలేదు, కాదని నేనూ చూపించలేకపోయాను. డబ్బంతా నా జేబులోంచే పోయింది.

అసలు సంగతేంటంటే, ఆ ఫిల్టర్‌లో పేరుకునే మసిని బండి తనే వేడి చేసి కాల్చేసుకుంటుంది. కానీ ఇంజిన్‌లో కొద్దికొద్దిగా కాలిపోయే ఆయిల్ నుంచి వచ్చే బూడిద మాత్రం కాలదు, అక్కడే ఉండిపోతుంది. అందుకే ఇలాంటి బండ్లకు బూడిద తక్కువ వచ్చే ఆయిల్ కావాలి. డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) సీ2, సీ3 అని ఉంటుందే, అదే దాని గుర్తు. సీ3లో సల్ఫేటెడ్ బూడిద, అంటే ఆయిల్‌ని పరీక్షలో కాల్చితే మిగిలే బూడిద, 0.8 శాతం దాటకూడదు. ఫోక్స్‌వ్యాగన్ లాంటి కంపెనీలైతే 507 00 అని సొంత నంబర్లే పెట్టుకున్నాయి. అలాంటి చోట ఆ నంబరుకు 'అప్రూవ్డ్' అని ఉందో, ఊరికే 'సూటబుల్' అని ఉందో చూడాలి. రెండూ ఒకటి కావు: మొదటిది కారు కంపెనీ ఒప్పుకున్నది, రెండోది ఆయిల్ కంపెనీ తనంతట తాను చెప్పుకునేది.

"మన ఎండలకు చిక్కటి ఆయిల్ పోయాలి" అని ఎవరైనా అంటే వినకు. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉండే గ్రేడులో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది, రెండోది 100 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం. రెంటచింతల ఎండలో నడిపినా, అరకు చలిలో నడిపినా, వేడెక్కిన ఇంజిన్‌లో ఆయిల్ ఆ 100 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. కంపెనీ ఆ వేడినీ ఆ ఇంజిన్ సందులనూ లెక్కేసుకునే గ్రేడు రాసింది. బ్రాండు ఏదైనా నాకు అభ్యంతరం లేదురా, ఖరీదైనది కొనమనీ అనను. మాన్యువల్‌లో ఉన్న గ్రేడూ, స్పెసిఫికేషనూ (ఇందాక చెప్పిన సీ3, 507 00 లాంటి గుర్తు) రెండూ డబ్బా మీద ఉండాలి, అంతే. గ్రేడు ఒక్కటే కలిస్తే చాలదు. నేను డబ్బానే చూడలేదు, నా పొరపాటు అదే.

ఇంకోటి, వారంటీ పుస్తకంలో సర్వీసు అధీకృత సెంటర్‌లోనే చేయించాలని ఉందేమో ముందు చదువు. ఉంటే వారంటీ అయ్యేదాకా బయట మాట ఎత్తకు. లేదంటే సీలున్న డబ్బా నీ కళ్లముందే విప్పించు. బిల్లులో ఆయిల్ పేరు, గ్రేడు, ఎన్ని లీటర్లు, కిలోమీటర్ రీడింగు, తేదీ అన్నీ రాయించు. నువ్వు బండి తక్కువ తీస్తావు కాబట్టి కిలోమీటర్లు నిండలేదని ఆగొద్దు. కిలోమీటర్లూ నెలలూ, ఏది ముందైతే అదే లెక్క.

ఈ రాత్రికే డాష్‌బోర్డు సొరుగులోంచి మాన్యువల్ తీసి, ఇంజిన్ ఆయిల్ పేజీ ఫోటో తీసి పంపు. చూసి రేపు ఫోన్ చేస్తాను.

నీ బావ