జంట ప్యాడ్లు ఇక అమ్మం: పాత గేములకు కంట్రోలర్ కొనేవాళ్లకు మా షాపు మాట

ఒకే యూఎస్‌బీ వైరుకి రెండు ప్యాడ్లు వేలాడుతూ నాలుగైదు వందలకు వచ్చే జంట ప్యాడ్లు తెలుసుగా, వాటిని ఈ నెల నుంచి మా షాపులో అమ్మడం ఆపేస్తున్నాం. వాటి మీద మిగిలేది తక్కువని కాదు. కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ పెట్టుకుని పాత గేములు ఆడేవాళ్లే వాటిని ఎక్కువగా తీసుకెళ్తారు, వాళ్లే ఎక్కువగా వాపసు తెస్తారు. తెచ్చినవాటిలో నిజంగా చెడిపోయినవి కొన్నే. చాలావరకు మేం సరిగా అడక్కుండా అమ్మినవి. డబ్బా మీద "అన్ని గేములకూ పనిచేస్తుంది" అని మేం అంటించిన చీటీ కూడా తప్పే. దాన్నీ పీకేశాం.

ఇకమీద కౌంటర్ దగ్గర మా మొదటి ప్రశ్న "ఎంతలో కావాలి?" అని ఉండదు, "ఏ మెషీన్ గేములు ఆడతారు?" అని ఉంటుంది. ఎమ్యులేటర్ పాత మెషీన్‌లా నటిస్తుంది, అంతే. ఆ మెషీన్ ప్యాడ్ మీద ఏముండేదో మీ ప్యాడ్ మీదా అది ఉండాలి.

మన దగ్గర చాలామంది మొదలయ్యేది టీవీకి పెట్టుకుని ఆడిన క్యాసెట్ గేములతో. ఆ మెషీన్లు నింటెండో 8 బిట్ మెషీన్‌కి నకళ్లు. ప్యాడ్ మీద ప్లస్ గుర్తు, రెండు బటన్లు, స్టార్ట్, సెలెక్ట్, అంతే. ఈ గేములకీ, సూపర్ నింటెండో, సెగా గేములకీ ప్యాడ్‌లో చూడాల్సింది ప్లస్ గుర్తే, అంటే డీ-ప్యాడ్. కర్రలు (బొటనవేలితో అటూ ఇటూ వంచే అనలాగ్ స్టిక్‌లు) ఎంత బాగున్నా ఇక్కడ అక్కరకు రావు.

డీ-ప్యాడ్ మంచిదో కాదో షాపులోనే రెండు నిమిషాల్లో తేలుతుంది. ముందు ఎడమ, కుడి వైపుల్ని రెండు వేళ్లతో ఒకేసారి నొక్కండి. రెండూ కలిసి దిగిపోకూడదు. మధ్యలో ఇరుసు లాంటి మొన ఉంటే ఒకవైపు దిగినప్పుడు రెండోవైపు లేస్తుంది. చౌక ప్యాడ్లలో ఆ మొన పొట్టిగా ఉంటుంది, ప్లస్ మొత్తం కిందికి దిగిపోయి పక్క దిక్కు కూడా తగులుతుంది. తర్వాత ప్యాడ్‌ని కంప్యూటర్‌కి పెట్టి, విండోస్ బటన్‌తో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో జె, ఓ, వై, చుక్క, సి, పి, ఎల్ అని ఖాళీల్లేకుండా కొట్టండి. ప్యాడ్ పేరు మీద ప్రాపర్టీస్ నొక్కితే పరీక్ష తెర వస్తుంది. కుడివైపే నొక్కి పట్టుకుని బొటనవేలిని కొద్దిగా పైకీ కిందకీ ఊపండి. అంత మాత్రానికే తెర మీది గుర్తు మూలకి జారిపోతే ఆ ప్యాడ్ వద్దు. బొమ్మ పరిగెడుతూ పరిగెడుతూ తనంతట తాను వంగడం, పేర్చే గేముల్లో దిమ్మ పక్కకి జరపబోతే దబ్బున కింద పడటం, అన్నిటికీ ఇదే కారణం. ఎమ్యులేటర్ సెట్టింగులతో ఇది పూర్తిగా బాగుపడదు, ఎందుకంటే లోపం రబ్బరులోనూ ప్లాస్టిక్‌లోనూ ఉంది. ఇక వేలిని గుండ్రంగా తిప్పితే ఎనిమిది దిక్కులూ వరసగా రావాలి. ఫైటింగ్ గేములు ఆడేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

మా దగ్గర ఉన్నవాటిలో ఈ పనికి మేం ముందు చూపించేది ఎయిట్‌బిట్‌డో ఎస్‌ఎన్30 ప్రో. ఆరు బటన్ల సెగా గేములకీ, ఆర్కేడ్ ఫైటింగ్‌కీ అదే కంపెనీ ఎం30. దానికి కర్రలు అసలు లేవు, అందుకని అదొక్కటే ప్యాడ్‌గా కొనకండి. సోనీ డ్యుయల్‌షాక్ 4 డీ-ప్యాడ్ పైకి నాలుగు ముక్కల్లా కనిపించినా లోపల ఒకటే ముక్క, అదీ బాగానే పలుకుతుంది.

ఆ తర్వాతి మెషీన్ల గేములకు లెక్క మారిపోతుంది. నింటెండో 64 ప్యాడ్‌కి ఒకే కర్ర, నాలుగు పసుపు సీ బటన్లు, వెనక జెడ్ ఉండేవి. ఇప్పటి ప్యాడ్లలో సీ బటన్లకి కుడి కర్రని కేటాయించుకోవాలి. వాడినకొద్దీ అలవాటవుతుంది, కానీ అసలు ప్యాడ్‌లా ఎప్పటికీ ఉండదు. ప్లేస్టేషన్ 2 ప్యాడ్‌లో మామూలు బటన్లు కూడా ఎంత గట్టిగా నొక్కారో కొలిచేవి. డ్యుయల్‌షాక్ 4 నుంచి ఆ సదుపాయం తీసేశారు. ఆ కొలతని వాడుకున్న గేము ఇప్పుడు తేడాగా ఆడుతుంటే మీ ప్యాడ్‌ని తిట్టుకోకండి. ప్లేస్టేషన్ 2 ఎమ్యులేటర్ పీసీఎస్‌ఎక్స్2 లో ప్రెషర్ మోడిఫయర్ అని ఒకటుంది. దానికో బటన్ ఇచ్చుకుని, అది పట్టుకుని నొక్కితే "మెల్లగా నొక్కినట్టు" లెక్క.

నింటెండో గేమ్‌క్యూబ్ గేములకైతే ట్రిగ్గర్లు (చూపుడువేళ్లతో నొక్కే మీటలు) ముఖ్యం. సగం నొక్కితే సగం అని చెప్పగలగాలి. ఇక్కడే మా వాళ్లు కొంతమందికి తప్పు సలహా ఇచ్చారు. స్విచ్ ప్రో తరహా ప్యాడ్ల ట్రిగ్గర్లు మామూలు బటన్లే. నొక్కితే పూర్తి, వదిలితే సున్నా. కార్ల గేముల్లో యాక్సిలరేటర్‌కి అది పనికిరాదు. ఆ పని మీద అలాంటి ప్యాడ్ మా దగ్గర కొన్నవాళ్లు తెస్తే, బిల్లు లేకపోయినా మార్చి ఇస్తాం.

ఇక "పనిచేయడం లేదు" అని వచ్చేవాటిలో మళ్లీ మళ్లీ కనిపించేవి చెప్తాను. రాకముందు ఇంట్లోనే చూసుకోవచ్చు.

లైటు వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం గుర్తుపట్టదు. చాలాసార్లు తప్పు వైరుదే. ఫోన్ ఛార్జింగ్ వైర్లలో కొన్నిటికి కరెంటు తీగలే ఉంటాయి, డేటా తీగలుండవు. ఫోటోలు ఎక్కించే వైరుతో చూడండి.

బటన్లు తారుమారు. నింటెండోలో కింద బి, కుడిపక్క ఎ. ఎక్స్‌బాక్స్‌లో కింద ఎ, కుడిపక్క బి. రెట్రోఆర్చ్ (చాలా ఎమ్యులేటర్లు ఒకేచోట నడిపే ప్రోగ్రామ్) సూపర్ నింటెండో పద్ధతిలో లెక్కపెడుతుంది. అందుకని అక్షరాలు చూడకుండా స్థానాలు చూసి పెట్టుకోండి. సెట్టింగ్స్, ఇన్‌పుట్, పోర్ట్ 1 కంట్రోల్స్ అన్నచోట ఉంటుంది.

ప్యాడ్ తప్పు మోడ్‌లో ఉండటం. ఎస్‌ఎన్30 ప్రోకి విండోస్‌లో స్టార్ట్‌తో ఎక్స్ పట్టుకుని ఆన్ చేయాలి. స్టార్ట్‌తో వై పట్టుకుంటే అది స్విచ్ ప్యాడ్‌నని చెప్పుకుంటుంది, బటన్లన్నీ గందరగోళం.

యాక్సిలరేటరూ బ్రేకూ కలిపి నొక్కితే కారు కదలదు. ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌ని ఎమ్యులేటర్ డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత పద్ధతిలో చదివితే రెండు ట్రిగ్గర్లూ ఒకే గీతకి రెండు కొసలవుతాయి. కలిపి నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో ఎక్స్‌ఇన్‌పుట్ గానీ ఎస్‌డీఎల్ గానీ (ప్యాడ్‌ని చదివే వేరే పద్ధతులు) ఎంచుకోండి.

ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం. డీఎస్4విండోస్ (సోనీ ప్యాడ్‌ని ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లా చూపించే ప్రోగ్రామ్) నడుస్తుంటే అసలు ప్యాడూ, అది సృష్టించిన ఉత్తుత్తి ఎక్స్‌బాక్స్ ప్యాడూ రెండూ కనిపిస్తాయి. హిడ్‌హైడ్ అనే ప్రోగ్రామ్‌తో అసలుదాన్ని దాచాలి. ఎస్‌డీఎల్ ఉన్న ఎమ్యులేటర్‌కైతే డీఎస్4విండోస్ అక్కర్లేదు, మూసేయండి.

బ్లూటూత్ మీద తడబాటు. యూఎస్‌బీ 3 పోర్టులో పెన్‌డ్రైవ్ గానీ హార్డ్‌డిస్క్ గానీ పనిచేస్తుంటే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుడుతుంది, బ్లూటూత్ నడిచేదీ అక్కడే. రిసీవర్‌ని ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెడితే చాలావరకు సర్దుకుంటుంది. వైరే వాడితే ఆ బాధే లేదు. పాత గేములు చాలావరకు సెకనుకి 60 ఫ్రేములు, అంటే ఒక్కోదానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు. మామూలు యూఎస్‌బీ ప్యాడ్‌ని కంప్యూటర్ సెకనుకి 125 సార్లు అడుగుతుంది, ఆ అడగడంలో వచ్చే ఆలస్యం 8 మిల్లీసెకన్లు దాటదు. అంతకంటే ఎక్కువ ఆలస్యం అనిపిస్తే ముందు టీవీలో గేమ్ మోడ్ వేసి చూడండి. ప్యాడ్ మీద పడే నిందలు చాలావరకు టీవీవే.

హాల్ ఎఫెక్ట్ కర్రల గురించి కూడా అడుగుతున్నారు. మామూలు కర్రలో కార్బన్ పూత మీద లోహపు మొన రాసుకుంటూ పూత అరిగిపోతుంది, అప్పుడు బొమ్మ తనే నడుస్తుంది. హాల్‌లో అయస్కాంతం, రాపిడి లేదు. 3డీ గేములు ఎక్కువగా ఆడితే ఆ డబ్బు పెట్టండి. క్యాసెట్ గేములకే అయితే అదనంగా ఇవ్వకండి, డీ-ప్యాడ్ రబ్బరు అరగడాన్ని అది ఆపదు.

ఇంకో హెచ్చరిక. అటకమీది పాత టీవీ గేమ్ రిమోట్‌కి తొమ్మిది రంధ్రాల ప్లగ్ ఉంటుంది. పాత కంప్యూటర్ వెనక సీరియల్ పోర్టుకి అది సరిగ్గా అతుకుతుంది. పెట్టొద్దు. రిమోట్ లోపలి చిప్‌కి కావాల్సింది 5 వోల్టులు, సీరియల్ లైన్లలో 12 వోల్టుల దాకా అటూ ఇటూ ఉంటుంది. ఆ రిమోటే కావాలనుకునేవాళ్లు అయిదు తీగలు (5 వోల్టులు, గ్రౌండ్, క్లాక్, ల్యాచ్, డేటా) ప్రో మైక్రో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకి అతికించి యూఎస్‌బీగా మార్చుకోవచ్చు. ఏ పిన్ను ఏదో మెషీన్‌ని బట్టి మారుతుంది, మల్టీమీటర్‌తో చూసుకున్నాకే టంకం పెట్టండి.

గేములు మాత్రం ఎక్కించి ఇవ్వం, పెన్‌డ్రైవ్ తెచ్చినా ఇవ్వం. దాని మీద బతిమాలొద్దు.

జంట ప్యాడ్లు ఇప్పటికే కొన్నవాళ్లు ఒక పని చేసి చూడండి. మధ్యలో ఉన్న అనలాగ్ బటన్ నొక్కి, ఎర్ర లైటు వెలిగినప్పుడూ ఆరినప్పుడూ డీ-ప్యాడ్ విడివిడిగా పరీక్షించండి. చాలావాటిలో లైటు మారితే ప్యాడ్ తన దిక్కుల్ని వేరే రకంగా పంపుతుంది, ఎమ్యులేటర్‌లో మళ్లీ కేటాయించాల్సి వస్తుంది. అలా చేసినా కుదరకపోతే ప్యాడూ, మీ ల్యాప్‌టాపూ రెండూ తీసుకుని సాయంత్రం ఆరు లోపు రండి. మా సిస్టమ్ మీద బాగా పనిచేసి మీదాని మీద చేయకపోతే మీకేం లాభం? మీదాని మీదే చూద్దాం.