మావయ్య బ్రష్‌లు ఇంకా ఉన్నాయా?

విశాఖపట్నం,
మద్దిలపాలెం,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరే బావా,

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ చెల్లెమ్మా పిల్లలూ బాగున్నారని, మావయ్య మోకాలి నొప్పి కాస్త తగ్గిందని అనుకుంటున్నాను. మొన్న ఫోన్ చేసి "ఆ టీషర్టుల వ్యాపారం ఎంతవరకు వచ్చింది, నిజంగా డబ్బులొస్తున్నాయా" అని అడిగావు. అప్పుడు బస్సులో ఉన్నాను, సరిగ్గా చెప్పలేకపోయాను. పైగా చెప్పాల్సిన దాంట్లో మావయ్యకు సంబంధించిన మాట ఒకటుంది, అది హడావిడిలో చెప్పేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మావయ్యకు కూడా చదివి వినిపించు.

ముందు డబ్బు సంగతి. ప్రింట్ ఆన్ డిమాండ్ అంటే మన దగ్గర సరుకేమీ ఉండదు. బొమ్మ ఒక్కటే మనది. ఆన్‌లైన్ దుకాణంలో ఆ బొమ్మ చొక్కా మీద ఎలా ఉంటుందో చూపిస్తాం. ఎవరైనా కొంటే ఆర్డరు నేరుగా ప్రింటింగ్ వాళ్లకు వెళ్తుంది. ఒక్క చొక్కా అయినా సరే ముద్రించి, మన దుకాణం పేరుతో ప్యాక్ చేసి వాళ్లే పంపేస్తారు. నాకు చొక్కా, ప్రింటు, ప్యాకింగు కలిపి 330 రూపాయలు పడుతోంది, కొరియర్‌కు 70. అమ్మేది 599కి. జీఎస్టీ, పేమెంట్ ఛార్జీ పోగా చొక్కాకు 155 దాకా మిగులుతుంది.

బాగానే ఉందే అనుకుంటావు. మొదటి నెల క్యాష్ ఆన్ డెలివరీ పెట్టాను. 41 ఆర్డర్లు వస్తే 9 మంది తీసుకోలేదు. ఎత్తుకెళ్లడానికీ వెనక్కి తేవడానికీ కొరియర్ డబ్బులు నావే, ముద్రించిన చొక్కా ఖర్చూ నాదే. ఒక్కటి వెనక్కి వస్తే మూడు చొక్కాల లాభం పోతుంది. నెలంతా రాత్రి పన్నెండు దాకా కూర్చుంటే చేతిలో మిగిలింది సుమారు 700. ఆ రాత్రి మీ చెల్లెలు లెక్కల పుస్తకం చూసి ఏమీ అనలేదు, టీ పెట్టి ఇచ్చింది. మర్నాడే క్యాష్ ఆన్ డెలివరీ తీసేశాను. ఆర్డర్లు తగ్గి మళ్లీ మెల్లగా పుంజుకున్నాయి. ఇప్పుడు నెలకు 60, 70 చొక్కాలు పోతున్నాయి. అంటే పది వేల దగ్గర. ఉద్యోగం మానలేదు, మానే ఆలోచనా లేదు. ఇంకో మాట, వేరే రాష్ట్రానికి ఒక్క చొక్కా పంపాలన్నా జీఎస్టీ నమోదు తప్పదు. నువ్వు మొదలుపెడితే ముందు ఆ పని చేసుకో.

ఇక బొమ్మల సంగతి. బొమ్మలు గీసే ఏఐ యంత్రాలు వచ్చాయి కదా, 2022 జులైలో మిడ్‌జర్నీని అందరికీ తెరిచారు, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ వచ్చింది. అప్పటినుంచి మాట చెప్తే బొమ్మ వస్తోంది. నేను నెలకు 10 డాలర్లది తీసుకున్నాను. మొదటి వారం నిద్రపట్టలేదు బావా. సాయంత్రపు సముద్రం అడిగితే నిమిషంలో నాలుగు వచ్చేవి. అన్నీ అందంగానే ఉండేవి. అందులో ఐదు ఎంచి నమూనాగా చొక్కాలు తెప్పించాను.

చొక్కాలు వచ్చాక గుండె జారిపోయింది. తెర మీద మెరిసిన నీలం బట్ట మీద బూడిద పట్టినట్టుంది. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, బట్ట మీద ఉండేది సిరా. ఆ మెరిసే నీలం, ఆ మెరిసే ఆకుపచ్చ సిరాలో అసలు రావు. ఇప్పుడు ముందే రంగులు సిరాకు తగ్గట్టు తగ్గించుకుంటున్నాను. బొమ్మ అంచులు కూడా చెదిరిపోయాయి. నా బొమ్మ 1024 పిక్సెల్స్ వెడల్పు. దాన్ని 12 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 85 చుక్కలే పడతాయి, కావలసింది 300. అంటే 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉన్న ప్రింటుకు 3600 పిక్సెల్స్ వెడల్పు, 4800 ఎత్తు ఉండాలి. బొమ్మను పెద్దది చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌స్కేల్ (Upscayl) వాడుతున్నాను. అయినా పెద్దది చేశాక కళ్లు, వేళ్లు, తాళ్లు మళ్లీ నేనే చూసి దిద్దుకోవాలి.

అన్నిటికంటే పెద్ద పాఠం మన ఊరి ఉక్కపోత నేర్పింది. ప్రింటు రెండు రకాలు. డీటీజీలో సిరా నేరుగా బట్టలోకి చిమ్ముతారు, చేత్తో తడిమితే బట్టలాగే ఉంటుంది. డీటీఎఫ్‌లో ముందు ఫిల్మ్ మీద ముద్రించి, జిగురు పొడి చల్లి, వేడి ప్రెస్‌తో బట్టకు అంటిస్తారు. రంగు గట్టిగా వస్తుంది, కానీ పెద్ద బొమ్మైతే ఛాతీ మీద ప్లాస్టిక్ ముక్క కట్టుకున్నట్టుంటుంది. మే నెలలో అది వేసుకుని జగదాంబ దాకా నడిచాను. ఇంటికొచ్చి విప్పితే బొమ్మ ఉన్నంత మేరా చెమట నిలిచి ఒళ్లు ఎర్రబడింది. ఆ రోజు నుంచి నిండా రంగు పూసిన బొమ్మ చేయడం లేదు. గీతల మధ్య బట్ట కనిపించాలి, గాలి ఆడాలి. మన ఊళ్లో వేసుకునే చొక్కాకు అది చాలా ముఖ్యం.

ఇప్పుడు అసలు విషయం. ఆ యంత్రానికి మన ఊరు తెలీదు బావా. డాల్ఫిన్ నోస్ అడిగితే నీళ్లలోంచి ముక్కు పైకెత్తిన డాల్ఫిన్‌ను వేసింది. కొండ, దాని మీద లైట్‌హౌస్ అని విడమరిచి చెప్తే ఏ యూరప్ తీరమో గీసింది. జాలరిపేట తెప్ప అడిగితే కేరళ ఇల్లుపడవ వచ్చింది. దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కట్టినదే తెప్ప అని దానికి ఎన్ని రకాలుగా చెప్పానో! కుర్సురా జలాంతర్గామికి ఎక్కడో సినిమాలో చూసిన ఆకారం ఇచ్చింది. కుర్సురా 1969లో నేవీలో చేరింది, 2001 దాకా పనిచేసింది, ఇప్పుడు ఆర్కే బీచ్ ఇసుకలో మన కళ్ల ముందే ఉంది. మన ఊరి పిల్లలు దాన్ని చూస్తూ పెరిగారు, తప్పు గీస్తే వెంటనే పట్టేస్తారు.

అందుకని పద్ధతి మార్చాను. పొద్దున్నే బీచ్‌కు వెళ్లి ఫొటోలు తీసుకుంటాను, నోటు పుస్తకంలో పెన్సిల్‌తో నాకొచ్చినట్టు గీస్తాను. ఆ గీత యంత్రానికి ఇచ్చి, ఆకారం ఇదే ఉండాలి, రంగులు మాత్రం నువ్వు చూసుకో అంటాను. ఫిషింగ్ హార్బర్‌లో ఒక పెద్దాయన నా బొమ్మ చూసి "తాడు ఇలా కట్టరు బాబూ" అని కూర్చోబెట్టి ముడి వేసి చూపించాడు. ఆ ముడి సరిగ్గా పడ్డాకే తెప్ప చొక్కా అమ్మకానికి పెట్టాను. ఇప్పుడు అన్నిటికంటే బాగా పోయేది అదే. కొన్నవాళ్లలో బెంగళూరులో ఉంటున్న మన ఊరివాళ్లు చాలామంది. ఒకమ్మాయి "మా తాతది ఇలాంటిదే" అని రాసింది. ఆ ఒక్క మాట మూడుసార్లు చదువుకున్నాను.

కొన్ని చేయనని నిర్ణయించుకున్నాను. సింహాచలం అప్పన్న బొమ్మ వేయమని చాలామంది అడిగారు. స్వామి నిజరూపం ఏడాదికి ఒక్కసారి, అక్షయ తృతీయ నాడు మాత్రమే కనిపిస్తుంది, మిగతా రోజులన్నీ చందనంలోనే ఉంటారు. ఆయన్ని చెమటపట్టే చొక్కా మీద వేసి, అది చిరిగాక బండి తుడిచే గుడ్డ కావడం నాకు ఇష్టం లేదు. వేయను.

ఏటికొప్పాక బొమ్మల సంగతి ఇంకా కష్టంగా తేలింది. ఒకాయన ఆ తరహా బొమ్మలతో పాతిక కప్పులు కావాలన్నాడు. యంత్రాన్ని అడిగితే ఆ నున్నదనం, ఆ లక్క రంగులు, ఆ గుండ్రని ముఖాలు నిమిషంలో వచ్చేశాయి. నిజమైన బొమ్మే అనిపించేలా ఉన్నాయి. వరాహ నది ఒడ్డున అంకుడు కర్ర చెక్కి, లక్క పట్టించి బతుకుతున్నవాళ్ల పని అది. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సొంత వస్తువన్న గుర్తింపు కూడా వచ్చింది. నేను పాతిక కప్పులు అమ్ముకుంటే వాళ్ల చేతికి ఒక్క రూపాయి చేరదు. ఆ బొమ్మలు తెర మీద చూస్తూ కూర్చుంటే నాకు మావయ్య గుర్తొచ్చారు.

గుర్తుందా, పూర్ణా మార్కెట్ దగ్గర మావయ్య నిచ్చెన మీద నిలబడి బట్టల కొట్టు బోర్డు రాస్తుంటే మనం కింద రంగు డబ్బాలు పట్టుకునేవాళ్లం. సుద్ద దారంతో గీత కొట్టి, కొలత లేకుండా 'శ్రీ' రాసేవారు. క్రావడి చుట్టు ఒక్క ఊపులో వచ్చేది. ఫ్లెక్సీ మిషన్ వచ్చాక ఏడాది తిరక్కుండా బోర్డులు ఆగిపోయాయి. "వాళ్లకు తక్కువలో అయిపోతోంది, నన్నెందుకు పిలుస్తారు" అని ఆయన అరుగు మీద కూర్చుని అన్న మాట నాకింకా వినిపిస్తుంది. ఇప్పుడు నా చేతిలో ఉన్నది ఫ్లెక్సీ మిషన్ కంటే పెద్ద మిషన్ బావా. దానితో ఇంకొకరి పని లాక్కోకూడదని ఉంది. కప్పుల ఆర్డరు వద్దన్నాను. ఏటికొప్పాక వెళ్లి, వాళ్లు ఒప్పుకుంటే, వాళ్ల బొమ్మలనే ఫొటో తీసి, చొక్కాకు ఇంత అని వాళ్లకిచ్చి చేయాలని ఉంది. వచ్చే నెల వెళ్తాను.

ఇక నీతో అసలు పని. ఆ యంత్రానికి తెలుగు రాయడం రాదు. 'విశాఖపట్నం' అని రాయమంటే ట కింద నవత్తు ఉండాల్సిన చోట కన్నడంలా ఏదో చుట్టింది. 'స్త్రీ' అడిగితే గందరగోళం. స కింద తవత్తు, దాని పక్కన క్రావడి, పైన గుడి దీర్ఘం, ఇవన్నీ ఒక్క అక్షరంలో ఇమడాలి కదా. అది అక్షరాన్ని అక్షరంగా నేర్చుకోలేదు, గీతల బొమ్మగా చూసింది. అది చూసినవాటిలో తెలుగు చాలా తక్కువ. కొత్తవి కొంచెం నయం, చిన్న మాటైతే ఒక్కోసారి సరిగ్గా వస్తుంది. కానీ ఒకసారి ఒత్తు తప్పిన చొక్కా బయటికి వెళ్తే మళ్లీ మన ముఖం చూడరు. అందుకని బొమ్మ యంత్రంతో, అక్షరాలు ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో నేనే వేస్తున్నాను. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన గిడుగు, గురజాడ, రామభద్ర ఫాంట్లు గూగుల్‌లో దొరుకుతాయి. అమ్మే వస్తువుల మీద కూడా వాడుకోవచ్చు. చాలా మేలు చేశారు వాళ్లు. అయితే అవే ఫాంట్లు అందరి దగ్గరా ఉన్నాయి.

హక్కుల సంగతి కూడా చూశాను. అమెరికా కాపీరైట్ ఆఫీసు 2023 ఫిబ్రవరిలో ఒక కామిక్ పుస్తకం గురించి తేల్చింది. మిడ్‌జర్నీ గీసిన బొమ్మలకు హక్కు లేదు, మనిషి రాసిన మాటలకూ వాటిని అమర్చిన తీరుకూ ఉంది అంది. మన 1957 చట్టంలో కంప్యూటర్ తయారుచేసిన దానికి, దాన్ని చేయించినవాడే కర్త అని ఉంది. కానీ అది 1994లో చేర్చిన మాట, ఇలాంటి యంత్రాలు రాకముందుది. ఎవడైనా నా తెప్ప బొమ్మ ఎత్తుకెళ్తే నేను గట్టిగా నిలబడగలనన్న ధైర్యం లేదు. చేత్తో రాసిన అక్షరానికి ఆ టెన్షన్ లేదు. రాసినవాడిదే హక్కు.

అందుకే అడుగుతున్నాను. మావయ్య బ్రష్‌లు ఇంకా ఉన్నాయా? ఆయన చేయి ఇంకా నిలుస్తుందా? నాకు మన యాస మాటలు కావాలి. 'ఏటి సంగతి', 'ఎల్దామా', 'ఓలమ్మో', ఈ మూడూ ముందు. ఆయన రాసిన అక్షరాలతో చొక్కాలు వేస్తాను, అమ్మిన ప్రతి చొక్కాకు 50 రూపాయలు ఆయనకు. లోపల మెడ దగ్గర ఆయన పేరు ముద్రిస్తాను. బొమ్మ ఏఐతో, అక్షరాలు చేత్తో అని దుకాణంలో స్పష్టంగా రాస్తాను, ఇప్పుడు కూడా బొమ్మల కింద రాస్తూనే ఉన్నాను. మొహమాటం మీద ఒప్పుకోవద్దని చెప్పు. నీ చేయి కూడా తక్కువేం కాదు, కాలేజీ గోడపత్రిక అంతా నువ్వే రాశావు. ఆయన పెద్ద అక్షరాలు రాస్తే నువ్వు చిన్నవి రాయి.

తెల్ల చార్టు మీద నల్ల ఇండియన్ ఇంక్‌తో ఒక్కో మాట పదిసార్లు రాయించు, ఒకేలా ఉండక్కర్లేదు. ఫోన్‌తో ఫొటో తీయకు, నీడ పడి అంచులు చెడిపోతాయి. జిరాక్స్ షాపులో 600 డీపీఐలో స్కాన్ చేయించి పంపు. చార్టు స్కానర్‌లో పట్టకపోతే ముక్కలుగా చేయించు, నేను ఇక్కడ కలుపుకుంటాను. అసలు కాగితాలు మాత్రం పారేయకుండా దాచు.

మొదటి చొక్కా మావయ్యకే. సైజు 40 అనుకుంటున్నాను. 42 అయితే ఈ వారంలోనే చెప్పు.

నీ బావ